రోక్యూరోనియం, దానికి జోడీగా సుగమాడెక్స్: వైజాగ్ థియేటర్లకు ఏ మేరకు పనికొస్తాయి

ఆపరేషన్‌కు మత్తిచ్చేటప్పుడు కండరాలను వదులు చేసే మందు రోక్యూరోనియం, ఆ పనిని వెనక్కి తిప్పే మందు సుగమాడెక్స్. రోక్యూరోనియం నీళ్లలా తేటగా, నేరుగా సిరంజిలోకి లాగేలా వస్తుంది. 5 మి.లీ. వయల్‌లో 50 మి.గ్రా. ఉంటుంది. ఇదే కోవకు చెందిన వెక్యూరోనియంలా పొడి కలుపుకునే పని లేదు. 60 కిలోల మనిషికి కిలోకి 0.6 మి.గ్రా. చొప్పున 36 మి.గ్రా. ఇస్తే నిమిషంన్నరలో ఊపిరి ట్యూబ్ వేయొచ్చు, ఆ తర్వాత అరగంట నుంచి నలభై నిమిషాలు పని సాగుతుంది. కడుపు నిండుగా ఉన్న ఎమర్జెన్సీకి కిలోకి 1.2 మి.గ్రా. కావాలి. అంటే 72 మి.గ్రా., ఒక వయల్ చాలదు. రెండోది కూడా ముందే లాగి, లేబుల్ అంటించి పెట్టుకోవాలి. ఈ మోతాదులో నిమిషంలో దవడ వదులవుతుంది, కానీ బ్లాక్, అంటే కండరాలు పనిచేయని స్థితి, గంట దాటుతుంది.

మందు లోపలికి వెళ్లేటప్పుడు మంట పుడుతుంది. మత్తులోకి జారుకున్న పేషెంటు కూడా చెయ్యి లాక్కుంటాడు, కాన్యులా ఊడకుండా ముందే పట్టుకోవాలి. మత్తుమందు థయోపెంటోన్ ఇచ్చిన లైన్‌ను సెలైన్‌తో కడగకుండా వెంటనే ఇది ఎక్కిస్తే పాలు విరిగినట్టు తెల్లగా గడ్డకట్టి లైన్ మూసుకుపోతుంది. ట్యూబ్ వేయాల్సిన క్షణంలోనే ఆ అడ్డంకి వస్తుంది.

వేగంలో దీనికి పోటీ స్కోలిన్ (సక్సినిల్‌కోలిన్) అనే కండరాలు వదులు చేసే మందు ఒక్కటే. రెండూ చేరేది నరం సంకేతాన్ని అందుకునే తలుపు లాంటి, కండరం మీది నికోటినిక్ రిసెప్టర్ దగ్గరికే, పని మాత్రం వేరు. స్కోలిన్ ఆ తలుపు తెరిచి అక్కడే కూర్చుంటుంది. అందుకే ముందు కండరాలు అదురుతాయి, రక్తంలో పొటాషియం లీటరుకు అర మిల్లీమోల్ దాకా పెరుగుతుంది. కాలిన గాయాలై ఒకటి రెండు రోజులు దాటినవాళ్లకు, పక్షవాతంతో కండరాలు చచ్చుబడ్డవాళ్లకు ఆ పెరుగుదల గుండెను ఆపేంత ఉండొచ్చు. రోక్యూరోనియం, నరం సంకేతాన్ని కండరానికి చేర్చే అసిటైల్‌కోలిన్ కూర్చునే చోటును ఆక్రమిస్తుంది, తలుపు తెరవదు. కాబట్టి ఆ భయం లేదు.

స్కోలిన్ విషయంలో తెలుగునాట ఇంకో ప్రశ్న తప్పనిసరి. దాన్ని విరగ్గొట్టే రక్తంలోని ఎంజైమ్, బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్, కొందరికి పుట్టుకతోనే పనిచేయదు. ఈ లోపం ఆర్యవైశ్య కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. కారణమైన జన్యు మార్పును 2006లో ప్రచురించారు. పది నిమిషాల్లో తగ్గాల్సిన మందు వాళ్లలో గంటల తరబడి ఉండిపోతుంది. ఏ ఇంటివారినైనా సరే, ఆపరేషన్‌కు ముందు ఇలా అడగండి: "మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయ్యాక మెలకువ రాక, ఊపిరి మిషన్ మీద చాలాసేపు ఉంచారా అండీ?" పురుగుమందు తాగి వచ్చినవాళ్లలోనూ ఈ ఎంజైమ్ అణిగిపోయి ఉంటుంది. రోక్యూరోనియానికి దీనితో సంబంధమే లేదు. ఈ ఒక్క కారణంతోనే విశాఖ లాంటి ఊళ్లో అది అందుబాటులో ఉండాల్సిన మందు.

ఇక సుగమాడెక్స్. చక్కెర ఉంగరం లాంటి ఈ అణువు రోక్యూరోనియంను ఒకటికి ఒకటి చొప్పున లోపల బంధిస్తుంది. బ్లాక్‌ను వెనక్కి తిప్పే ఇంకో మందు నియోస్టిగ్మిన్ అలా కాదు, అసిటైల్‌కోలిన్‌ను పెంచి మందును పక్కకు నెడుతుంది. దాని బలానికి హద్దు ఉంది, గాఢమైన బ్లాక్‌లో ఎంత ఇచ్చినా లాభం లేదు. వయళ్లు తెప్పించేముందు ఈ లెక్క వేసుకోవాలి. 60 కిలోల మనిషికి, నరానికి వరుసగా ఇచ్చే నాలుగు విద్యుత్ ప్రేరణల్లో రెండో కదలిక తిరిగొచ్చాక కిలోకి 2 మి.గ్రా. అంటే 120 మి.గ్రా., 200 మి.గ్రా. వయల్ ఒకటి చాలు. గాఢ బ్లాక్‌కు కిలోకి 4, రెండు వయళ్లు. ట్యూబ్ పడక, 1.2 ఇచ్చిన మూడు నిమిషాలకే వెనక్కి తిప్పాలంటే కిలోకి 16, అంటే 960 మి.గ్రా., ఐదు వయళ్లు! ట్రాలీలో రెండే పెట్టుకుని "సుగమాడెక్స్ ఉందిలే" అనుకోవడం ప్రమాదం. ఐదూ ఉన్నా అది కండరాన్నే లేపుతుంది, ప్రొపోఫాల్ మత్తు దించదు, వాచిన గొంతును తెరవదు.

కండరాలు వదులు చేసే ఇతర మందులైన అట్రాక్యూరియం, సిస్అట్రాక్యూరియం, స్కోలిన్‌ల మీద ఇది అస్సలు పనిచేయదు. అట్రాక్యూరియం వాడిన కేసులో పొరపాటున ఇస్తే డబ్బులు పోతాయి, పేషెంటు ఊపిరి రాదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు అట్రాక్యూరియమే మా ఓటు. అది ఒంటి వేడికి, క్షారగుణానికి తనంతట తానే విరిగిపోతుంది.

నిల్వలో రోక్యూరోనియానికి మార్కులు తగ్గుతాయి. 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. బయటికి తీశాక 25 డిగ్రీల్లో 60 రోజులని చాలా లేబుళ్లు చెబుతాయి, కానీ మే నెలలో ఏసీ ఆపిన విశాఖ థియేటర్ 25 డిగ్రీల్లో ఉండదు. తీసిన తేదీని మార్కర్‌తో వయల్ మీదే రాయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్‌కు జనరేటర్ లైన్, లోపల థర్మామీటర్ ఉండాల్సిందే. టీకాలు, ఇన్సులిన్ ఉన్న అరలో ఈ వయళ్లు పెట్టకండి. విడిగా మూత ఉన్న ఎర్ర డబ్బాలో, "ఊపిరి ఆపే మందు" అని పెద్దక్షరాలతో రాసి పెట్టండి. సుగమాడెక్స్‌కు ఫ్రిజ్ అక్కర్లేదు, వెలుతురు తగలకపోతే చాలు.

రెండింటికీ తోడుగా నర్వ్ స్టిమ్యులేటర్ కొనాలి. మణికట్టు దగ్గర చిటికెన వేలి వైపు రెండు ఎలక్ట్రోడ్లు అంటించి, సెకనుకు రెండు చొప్పున నాలుగు ప్రేరణలిస్తే బొటనవేలు కదులుతుంది. నాలుగో కదలిక మొదటిదానిలో 90 శాతమైనా ఉంటేనే ట్యూబ్ తీయాలి. చేత్తో పట్టి చూస్తే 40 శాతం దాటాక తేడా తెలియదు, అంకె చూపే మిషనే కావాలి. చెయ్యి చల్లబడితే కదలిక తగ్గి లెక్క తప్పుతుంది, గుడ్డ కప్పి ఉంచండి. ఐదు సెకన్లు తల ఎత్తాడు కదా అని తృప్తి పడకండి. గొంతు కండరాలు అప్పటికింకా కోలుకోకపోవచ్చు.

సుగమాడెక్స్ ఇచ్చాక గుండె వేగం పడిపోవడం, అరుదుగా తీవ్రమైన ఎలర్జీ ఉంటాయి. అట్రోపిన్, అడ్రినలిన్ చేతికందేలా ఉండాలి. గర్భనిరోధక మాత్రలు వాడుతున్న స్త్రీలకు సుగమాడెక్స్ ఒక రోజు మాత్ర మానేసినంత పని చేస్తుంది. ఏడు రోజులు వేరే జాగ్రత్త కూడా తీసుకోవాలని డిశ్చార్జి చీటీ మీద తెలుగులో రాసి, ఆవిడకే చదివి వినిపించండి.