టర్బో కారుకి రీకండిషన్ హెడ్డు, పవర్ క్యామ్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో డీజిల్ స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా, విస్టా బళ్లు నడుపుతున్నవాళ్లు ఇది ఒకసారి పూర్తిగా చదవండి. పెట్రోల్ టర్బో బండికి క్యామ్ (వాల్వుల్ని తెరిచే షాఫ్ట్) మార్పిద్దామని చూస్తున్నవాళ్లు కూడా.

1.3 లీటర్ మల్టీజెట్ ఇంజన్‌కని పాత సామాను దుకాణంలో కొన్న ఒక హెడ్డు (బ్లాకు మీద బిగించే, వాల్వులు ఉండే సిలిండర్ హెడ్డు) ఈమధ్య మా పని బల్ల మీదకి వచ్చింది. రీకండిషన్ చేసిందే, బ్లాకుకీ దానికీ మధ్య గాస్కెట్ వేసి బిగించుకోవడమే అని చెప్పి అమ్మారు. పైకి తళతళా మెరుస్తోంది. కొలిస్తే అడుగు ముఖం లెక్కకు మించి ప్లేనింగ్ కొట్టి (మిషన్ మీద చదునుగా చెక్కి) ఉంది. రెండో సిలిండర్‌లో వాల్వు సీట్ల (వాల్వులు మూసుకుని కూర్చునే రింగుల) మధ్య పగులుంటే దాన్ని మెటల్ పుట్టీతో పూడ్చి, ఆ పైన ప్లేనింగ్ కొట్టారు. క్యామ్‌షాఫ్ట్‌లు ఇంకో హెడ్డువి. అది అలాగే బిగించి ఉంటే కొత్త గాస్కెట్, ఆయిల్, కూలెంట్, లేబర్ అన్నీ పోవడమే కాదు, టర్బో కూడా పోయేది. ఇలాంటి సరుకు ఇదొక్కటే ఉంటుందని అనుకోవద్దు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ కార్లు ఆపేసింది గానీ, రోడ్డు మీద అవి ఇంకా బోలెడున్నాయి. అన్నీ వయసు మీరుతున్నవే, అందుకే హెడ్డులకి గిరాకీ ఉంది.

ముందు ప్లేనింగ్ సంగతి చెప్తాం, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. హెడ్డు ప్లేనింగ్ కొడితే కంప్రెషన్ పెరుగుతుందని పెట్రోల్ బండి లెక్కనే డీజిల్‌కీ చెప్తుంటారు. ఈ డీజిల్ ఇంజన్లలో హెడ్డు అడుగు చదునుగా ఉంటుంది, మంట మండే గిన్నె పిస్టన్ తల మీద ఉంటుంది. అందువల్ల కంప్రెషన్ పెద్దగా మారదు. మారేవి వేరే ఉన్నాయి. ఎంత మందం తీస్తే వాల్వులు అంత మేర పిస్టన్ వైపు దిగుతాయి. ఇంజెక్టర్ ముక్కు కూడా అంతే దిగుతుంది, డీజిల్ స్ప్రే గిన్నెలో పడాల్సిన చోట పడదు. క్యామ్ కిందికి జరిగిన కొద్దీ టైమింగ్ చైన్ వదులై, ఆ వదులంతా చైన్‌ని బిగించి ఉంచే టెన్షనర్ మీద పడుతుంది, క్యామ్ టైమింగ్ కొంచెం వెనక్కి పోతుంది. సీట్లు ఇంకాస్త కోసి వాల్వుల్ని లోపలికి దింపేశాం అంటారు. అప్పుడు వాల్వు కాడ పైకి పొడుచుకొస్తుంది, స్ప్రింగు పట్టు తగ్గుతుంది. చాలా డీజిల్ హెడ్డులకి ప్లేనింగే చేయకూడదని కంపెనీ మాన్యువల్ చెప్పడానికి కారణం ఇదే.

కొనేముందు హెడ్డు ఎత్తుని వెర్నియర్‌తో నాలుగు మూలలా కొలిచి మాన్యువల్‌లో ఉన్న అంకెతో పోల్చండి. ఒక మూలకీ ఇంకో మూలకీ తేడా వస్తే వంకరగా కొట్టారన్నమాట. తర్వాత స్ట్రెయిట్ ఎడ్జ్‌ని (తిన్నటి ఇనుప పట్టీని) పొడవునా, అడ్డంగా, రెండు కర్ణాల వెంబడీ పెట్టి, కింద 0.05 మి.మీ. ఫీలర్ (సన్నటి కొలత రేకు) దూర్చి చూడండి. ఎక్కడ దూరినా ఆ హెడ్డు వద్దు. నీటి రంధ్రాల అంచులు చేత్తో తడమండి. కోసుకునేంత పదునుగా ఉంటే ఈమధ్యే ప్లేనింగ్ కొట్టారు, అంచు కూడా తియ్యలేదు. హెడ్డు మీది అచ్చు అంకెలు సగం చెరిగిపోయి ఉన్నా అంతే.

మందం గాస్కెట్ వేస్తే సరిపోతుందని దుకాణంలో చెప్తారు. నమ్మకండి. డీజిల్‌లో గాస్కెట్ మందాన్ని ఎంచేది పిస్టన్ బ్లాకు ముఖం కంటే ఎంత పైకి వస్తోందన్నదాన్ని బట్టి. ప్రతి పిస్టన్‌నీ పై చివరకి తెచ్చి, డయల్ గేజ్‌తో పిస్టన్ పిన్ను వెంబడి రెండు వైపులా కొలిచి, మాన్యువల్ పట్టిక ప్రకారం తీసుకోవాలి. గాస్కెట్ అంచున ఉండే గాట్లో రంధ్రాలో దాని మందాన్ని చెప్తాయి. పాతదాని గాట్లు చూసి అదే తెచ్చుకోవడం కూడా పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు మార్చని ఇంజన్‌లోనే చెల్లుతుంది.

పగులు కంటికి కనపడదు. వాల్వు సీటుకీ సీటుకీ మధ్యా, సీటుకీ ఇంజెక్టర్ రంధ్రానికీ మధ్యా ఉన్న సన్నటి మెడ దగ్గరే చాలాసార్లు పగులుతుంది. నీటి దారులన్నీ ప్లేట్లు, రబ్బరుతో మూసేసి, 80 డిగ్రీల వేడి నీళ్లలో ముంచి, 3 నుంచి 4 కేజీల గాలి పట్టించి బుడగలు చూడాలి. చల్లటి నీళ్లలో చేసిన టెస్టు టెస్టే కాదు. వేడికి విచ్చుకునే పగులు చల్లగా ఉన్నప్పుడు మూసుకునే ఉంటుంది. పరీక్ష మీ ముందే జరగాలి. మీ ఊళ్లో ఆ సదుపాయం లేకపోతే విశాఖ దాకా తీసుకెళ్లినా దండగ కాదు.

అసలు ఈ హెడ్డులు పగలడానికి మన అలవాటే ఒక కారణం. రేడియేటర్‌లో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తాం. ఆ ఉప్పుకి అల్యూమినియం నీటి రంధ్రాల చుట్టూ తినేసి గుంటలు పడతాయి, రేడియేటర్ గొట్టాల్లో సున్నం కడుతుంది. ఊళ్లో తిరిగినంతసేపూ ఏమీ తెలీదు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతూ టర్బో నిండుగా పనిచేసినప్పుడు వేడి చూపే సూది ఎర్ర గీత దాటుతుంది. కొత్త హెడ్డు బిగించేవాళ్లు రేడియేటర్, థర్మోస్టాట్, ఫ్యాన్ తేల్చుకోకుండా బిగిస్తే ఆ హెడ్డుకీ అదే గతి.

క్యామ్‌షాఫ్ట్ దగ్గర మోసం ఇంకా తేలిక. క్యామ్ కూర్చునే గూళ్లూ, పైన బిగించే క్యాపులో హౌసింగో, అన్నీ కలిపి ఒకేసారి బోరింగ్ చేస్తారు. ఒక హెడ్డు క్యాపులు ఇంకోదానికి సరిపోవు, ఒకటో నంబరు చోట మూడోది పెట్టినా పట్టేస్తుంది. అందుకే కొనేచోటే ఈ పని చెయ్యండి. రాకర్లు (క్యామ్ తోస్తే వాల్వుల్ని నొక్కే చేతులు), చైన్ ఏమీ లేకుండా ఉత్త క్యామ్‌ని గూళ్లలో ఆయిల్ రాసి పెట్టి, క్యాపుల్ని టార్క్ రెంచితో మాన్యువల్ లెక్కకి బిగించి, వేళ్లతో తిప్పండి. నున్నగా తిరగాలి. ఒకచోట బిగుతు, ఒకచోట వదులు తగిలిందంటే హెడ్డు వేడికి వంగింది, లేదా వంగినదాన్ని ప్రెస్ కింద పెట్టి సాపు చేశారు. అడుగు ముఖం చదునుగా కొలిచినా పైన క్యామ్ గూళ్లు వంకరగానే ఉండిపోతాయి. అలాంటిది బండిలో బిగిస్తే కొన్నాళ్లకి క్యామ్ పట్టేస్తుంది, లేదా విరుగుతుంది.

లోబ్‌ల (క్యామ్ మీద ఉబ్బెత్తుగా ఉండే భాగాల) ఎత్తుని మైక్రోమీటర్‌తో కొలవండి. ఇన్‌లెట్ లోబ్‌లన్నీ ఒక్కలా, ఎగ్జాస్ట్‌వన్నీ ఒక్కలా రావాలి. అరిగిన లోబ్‌ని గ్రైండింగ్ చేసి ఆకారం తెచ్చిన క్యామ్‌లూ మార్కెట్లో ఉన్నాయి. గట్టి పొర పైపైనే ఉంటుంది, గ్రైండింగ్‌లో అది పోతే లోపలి మెత్తటి లోహం రాకర్ రోలర్ కింద త్వరగా నలుగుతుంది. ఆ ఇనుప రజను ఆయిల్‌లో కలుస్తుంది. ఫిల్టర్ పట్టనంత సన్నటిది టర్బోకి పోతుంది. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా తిరుగుతూ ఆయిల్ పొర మీద తేలుతుంటుంది. ఆ పొరని చెడగొట్టడానికి ఆ సన్నటి రజను చాలు.

ఆ మెరుపు గురించి కూడా చెప్పాలి. హెడ్డు మెరవడానికి గాజు పూసలతో బ్లాస్టింగ్ చేస్తారు. ఆ పూసలు ఆయిల్ దారుల్లో, బోల్టు రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. వాల్వుని సీటుకి అరగదీసే ల్యాపింగ్ పేస్టూ అంతే. దారుల ప్లగ్గులు విప్పి, బ్రష్ పెట్టి, వేడి నీళ్లూ సబ్బుతో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టాలి. ప్లగ్గుల మీద కూడా అదే మెరుపు ఉండి, రెంచి పెట్టిన గుర్తు ఒక్కటీ లేకపోతే లోపల ఎవరూ కడగలేదు. మేం చూసిన హెడ్డులో ఒక బోల్టు రంధ్రాన్ని తెల్ల గుడ్డ మీద బోర్లించి తడితే సన్నటి గాజు పూసలు రాలాయి.

ఇక పెట్రోల్ టర్బో బళ్లకి, సూపర్‌ఛార్జర్ కిట్‌లకి అమ్మే పవర్ క్యామ్‌ల సంగతి. మామూలు పెట్రోల్ ఇంజన్ కోసం తయారైన రేసు క్యామ్‌ని టర్బో బండికి పెడతామంటే ఒప్పుకోకండి. అలాంటి క్యామ్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ మామూలు కంటే ఎక్కువసేపు కలిసి తెరిచి ఉంటాయి. బెల్టు మీద తిరిగే సూపర్‌ఛార్జర్‌లో అయితే ఆ సమయంలో కొత్త గాలీ పెట్రోలూ కలిసి నేరుగా సైలెన్సర్‌లోకి పోతాయి. చిన్న టర్బోలో తరచూ ఎగ్జాస్ట్ వైపు ఒత్తిడే ఎక్కువ గనక కాలిన గ్యాసు వెనక్కి సిలిండర్‌లోకి వస్తుంది, నాకింగ్ (పెట్రోల్ తనంతట తానే మండి టకటకమనడం) మొదలవుతుంది. రోడ్డు మీద తిరిగే బండికి లోబ్ సెపరేషన్ (ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ లోబ్‌ల శిఖరాల మధ్య కోణం) 112 నుంచి 116 డిగ్రీల మధ్య ఉండాలి. సూపర్‌ఛార్జర్‌కి ఎగ్జాస్ట్ డ్యూరేషన్ (వాల్వు తెరిచి ఉండే వ్యవధి) ఇన్‌లెట్ కంటే కొంత ఎక్కువ ఉన్నది తీసుకోవడం పద్ధతి. ఈ అంకెలు రాసి ఉన్న క్యామ్ కార్డు ఇవ్వనివాళ్ల దగ్గర కొనకండి. పెద్ద క్యామ్‌తో ఐడిల్‌లో వ్యాక్యూమ్ పడిపోతుంది. వ్యాక్యూమ్‌తో పనిచేసే బ్రేక్ బూస్టర్ ఉన్న బండిలో పెడల్ రాయిలా గట్టిపడుతుంది. ఇది పవర్ గురించిన విషయం కాదు, ప్రాణం గురించిన విషయం.

వాల్వు స్ప్రింగులు కూడా చూడండి. 30 మి.మీ. ఇన్‌లెట్ వాల్వు వెనక 1 బార్ బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పడితే దాన్ని తెరవడానికి సుమారు 7 కేజీల బలం నెడుతున్నట్టు. పాత నీరసం స్ప్రింగు ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో దాన్ని మూయలేదు. ప్లేనింగ్‌తో కంప్రెషన్ పెరిగేది ఈ పెట్రోల్ ఇంజన్లలోనే. 1000 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్‌లో 10 ఉన్న కంప్రెషన్ నిష్పత్తి అర మిల్లీమీటర్ తీస్తే 10.5 దగ్గరికి పోతుంది. బూస్ట్ ఉన్న బండికి అది చిన్న తేడా కాదు. డీజిల్‌కి పవర్ క్యామ్ అని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయండి, అందులో వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య అసలు చోటే ఉండదు. సూపర్‌ఛార్జర్ కిట్ బిగించుకునేవాళ్లు బండి మార్పుల గురించిన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా తెలుసుకోండి. అనుమతి లేని మార్పుకి అదే చట్టం 182ఏ సెక్షన్ కింద ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

బిగించేటప్పుడు బ్లాకు బోల్టు రంధ్రాల్లో ఆయిల్, నీళ్లు లేకుండా గాలి కొట్టండి. ద్రవం ఉండగా బోల్టు దింపితే దాని ఒత్తిడికి బ్లాకే పగలొచ్చు. డిగ్రీల లెక్కన బిగించే బోల్టులు ఒకసారి సాగినవి, మళ్లీ వాడొద్దు. స్టీలు పొరల గాస్కెట్‌కి ఏ పేస్టూ రాయొద్దు.

డబ్బు దగ్గరికొస్తే, చీటీ మీద రాసిచ్చింది బిల్లు కాదు. జీఎస్టీ బిల్లు మీద హెడ్డు అచ్చు నంబరు, ఏ ఇంజన్‌ది, ప్రెషర్ టెస్ట్ చేసినట్టు, పగులు తేలితే డబ్బు వాపసు అని రాయించండి. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చెయ్యొచ్చు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు కేసు వెయ్యొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. హెడ్డుని విప్పకముందే, బోల్టు వెయ్యకముందే ఫొటోలు తీసి పెట్టుకోండి. ఒకసారి బిగించాక పగులు మీ మెకానిక్ వల్లే వచ్చిందంటారు.

మార్పిడి కింద మీ పాత హెడ్డు ఇచ్చేస్తే ధర తగ్గిస్తామంటారు. కొన్నది టెస్టులో నెగ్గేదాకా ఇవ్వొద్దు. మీదాన్ని కూడా అదే వేడి నీళ్ల టెస్టు చేయించండి. పగులు లేకుండా వాల్వు గైడులు, సీట్లే అరిగి ఉంటే, ఆ మరమ్మతు చాలాసార్లు ఎవరిదో తెలియని హెడ్డు కొనడం కంటే మేలు. క్యామ్ గూళ్లు, క్యాపులు అన్నీ దానికి పుట్టినవే ఉంటాయి.