డీఎంజెడ్ టూర్: సగం సరిహద్దు, సగం జిన్సెంగ్ కొట్టు

సియోల్ వెళ్తున్న మనవాళ్లకు ముందే చెప్తున్నా. ఉత్తర కొరియా సరిహద్దు, అంటే డీఎంజెడ్ అని పిలిచే, రెండు కొరియాల మధ్య ఉన్న నిస్సైనిక పట్టీ, తప్పకుండా చూడండి, ప్యాకేజీ టూర్‌లో మాత్రం వెళ్లకండి. మాకు మనిషికి 68,000 వోన్లు పడింది. నేను, మా ఆవిడ, సువాన్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది, ముగ్గురికీ కలిపి 2,04,000 వోన్లు. మన డబ్బుల్లో పన్నెండున్నర వేలు. ఆ టూర్ కంపెనీ పేజీలో అన్నిటికంటే పైన, సరిహద్దు గీత మీద రెండు పక్షాలూ చర్చలకు కూర్చునే పాన్‌ముంజొం నీలం గదుల ఫొటో ఉంది. 2019 జూన్ 30న ట్రంప్, కిమ్ జోంగ్ ఉన్ చేతులు కలిపి గీత దాటింది అక్కడే. తీరా బస్సు కదిలాక గైడమ్మ మైకులో తీరిగ్గా చెప్పింది, ఈ టూర్‌లో పాన్‌ముంజొం లేదని. 2023 జూలైలో ఒక అమెరికన్ సైనికుడు టూరిస్టుల మధ్యలోంచి ఉత్తరం వైపు పరుగెత్తాడు కదా, అప్పటినుంచి అక్కడికి మామూలు జనాన్ని పంపడం కష్టమైందట. సరే, పంపరు. మరి ఆ ఫొటో ఎందుకు పెట్టినట్టు? తర్వాత మెయిల్ పెడితే, వచ్చేసారి బుకింగ్‌కు 5,000 వోన్ల కూపన్ పంపారు. వచ్చేసారట!

అసలు మంట ఇంకోటి. తిరుగుదారిలో బస్సు జిన్సెంగ్ అనే మందు వేళ్లు అమ్మే కొట్టు ముందు ఆగింది. తలుపులు వేసి, తెర మీద వీడియో వేసి, చేదు టీ పోసి, ఒక పెద్దమనిషి ఒంట్లో రక్తం గురించి ముప్పావుగంట ఉపన్యాసం ఇచ్చాడు. పొడి డబ్బా 1,80,000 వోన్లు. మా ఆవిడ మొహమాటానికి 22,000 పెట్టి మిఠాయి పొట్లం కొంది. అది ఇంట్లో ఎవరూ తినలేదు. ఇక ఉత్తర కొరియా కనిపించే దోరా అబ్జర్వేటరీ దగ్గర మాకిచ్చిన టైమెంతో తెలుసా? ఇరవై నిమిషాలు. లైను, టాయిలెట్ అన్నీ అందులోనే.

ఆ ఇరవై నిమిషాల్లో చూసింది బాగుంది, కాదనను. ఆ రోజు ఆకాశం తేటగా ఉంది. కేసాంగ్ ఊరు కనిపించింది. దాని దగ్గర రెండు కొరియాలు కలిసి నడిపిన పారిశ్రామికవాడ 2016లో మూతపడింది. అందులో ఉన్న ఉమ్మడి కార్యాలయాన్ని 2020 జూన్‌లో ఉత్తర కొరియా పేల్చేసింది. ఎదురుగా 160 మీటర్ల స్తంభం మీద వాళ్ల జెండా. దక్షిణం వాళ్లు వంద మీటర్ల స్తంభం కడితే ఉత్తరం వాళ్లు దాన్ని మించి కట్టారు. మా బావమరిది బైనాక్యులర్ వదలకుండా "బావా, పొలంలో ఎవరో సైకిల్ మీద పోతున్నాడు" అన్నాడు. వెనకున్న ఇటలీ ఆవిడ భుజం తట్టేదాకా కదల్లేదు.

మూడో సొరంగం పర్లేదు. ఉత్తరం వాళ్లు సియోల్ మీదికి రావడానికి తవ్విన వాటిలో ఇప్పటిదాకా నాలుగు దొరికాయి. ఇది 1978లో బయటపడింది. భూమికి 73 మీటర్ల కింద ఉంది, మొత్తం పొడవు 1,635 మీటర్లు. పట్టుబడ్డాక ఇది బొగ్గు గని అని బుకాయించి, గ్రానైట్ గోడలకు బొగ్గు పూశారట. ఆ మసి ఇంకా ఉంది. లోపల ఫొటోలు తీయనివ్వరు. హెల్మెట్ పెట్టుకోవాల్సిందే, ఆరడుగులవాళ్లకు అది ఎందుకో రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. తిరిగి ఎక్కేటప్పుడు మా ఆవిడ మూడుచోట్ల కూర్చుంది, నాతో మాత్రం మాట్లాడలేదు.

ఆ గైడమ్మ చెప్పినవాటిలో పనికొచ్చింది ఫోన్ సంగతి ఒక్కటే. రెండు కొరియాల మధ్య ఉన్న ఫోన్ లైన్లను 2023 ఏప్రిల్ నుంచి ఉత్తరం ఎత్తడం లేదు. పాన్‌ముంజొంలో ఐక్యరాజ్య సమితి సైనిక కమాండ్ దగ్గర గులాబీ రంగు ఫోన్ ఒకటుంది, అమెరికన్ సైనికుడు పారిపోయినప్పుడు దాంతోనే కబురు పంపారట. ఆమె దీన్ని జోక్‌లా చెప్పింది, బస్సంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మనకూ పక్కనే అణుబాంబులున్న దేశం ఉంది. కానీ 2025 మే 10న మధ్యాహ్నం పాకిస్తాన్ సైనిక కార్యకలాపాల అధిపతి (డీజీఎంఓ) ఫోన్ చేస్తే మన డీజీఎంఓ ఎత్తాడు, సాయంత్రానికి కాల్పులు ఆపుతున్నట్టు ప్రకటన వచ్చింది. ఏటా జనవరి 1న రెండు దేశాలూ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి కూడా. రెండు కొరియాల మధ్య ఆ మాత్రం కూడా లేదు. ఉత్తరం వాళ్లు 2006 నుంచి 2017 దాకా ఆరు అణు పరీక్షలు చేశారు. దగ్గర దగ్గర 50 బాంబులు ఉంటాయని ఆయుధాల లెక్కలు కట్టే స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ అంచనా. తమ నాయకత్వం మీద దాడి జరిగితే అణుదాడి దానంతటదే మొదలయ్యేలా 2022 సెప్టెంబరులో చట్టమే చేసుకున్నారు. ఆ గీతకు సియోల్ యాభై కిలోమీటర్లు కూడా ఉండదు. రాడార్‌లో ఏదో కనిపిస్తే అదేమిటని సియోల్ నేరుగా అడగడానికి అవతల ఎత్తేవాడు లేడు. నన్నడిగితే ఆ సొరంగం కంటే ఇదే భయం.

మా బావమరిదికి ఇది కొత్త కాదు. 2023 మే 31 పొద్దున్నే, అప్పుడు సియోల్‌లో ఉండేవాడు, సైరన్ మోగింది. 6:41కి ఫోన్‌లు గీపెట్టాయి: ఖాళీ చేయడానికి సిద్ధంకండి, పిల్లల్నీ పెద్దవాళ్లనీ ముందు పంపండి అని నగరపాలక సంస్థ మెసేజ్. ఎందుకో లేదు, ఎక్కడికో లేదు. గదిలో ఉన్న ముగ్గురు తెలుగు కుర్రాళ్లూ పాస్‌పోర్టులు, లాప్‌టాప్‌లు సంచుల్లో వేసుకుని, స్టవ్ మీద కుక్కర్ ఆపడం మరిచిపోయి మెట్లు దిగారు. కింద ఒక కొరియన్ ముసలాయన కుక్కను తిప్పుతున్నాడట. ఆ మెసేజ్ పొరపాటున వెళ్లిందని 7:03కి కేంద్ర హోంశాఖ సవరించింది. ఉత్తరం వాళ్లు వదిలింది గూఢచారి ఉపగ్రహం, అదీ సముద్రంలో పడింది. "ఇరవై రెండు నిమిషాలు అక్కా, అమ్మకి ఫోన్ చేయాలా వద్దా అని ఆలోచిస్తూనే అయిపోయాయి" అన్నాడు. మా ఆవిడ ఇంతకుముందు ఈ సంగతి వినలేదు. బస్సులో అరగంట వాడి చెయ్యి పట్టుకునే కూర్చుంది. మీరు ఎన్నాళ్లు ఉన్నా ఎమర్జెన్సీ రెడీ యాప్ వేసుకోండి, ఇంగ్లీషులో ఉంటుంది, దగ్గర్లోని షెల్టర్ చూపిస్తుంది. చాలాచోట్ల అది మెట్రో స్టేషనే.

గైడమ్మకు మన సంగతి ఒక్క ముక్క తెలియదు, ఇదీ నా ఫిర్యాదే. 1953లో కొరియా యుద్ధం ఆగాక తిరిగి ఇంటికి పోవడానికి ఒప్పుకోని ఇరవై వేల పైచిలుకు ఖైదీలకు ఈ డీఎంజెడ్‌లోనే కాపలా ఉన్నది మన సైనికులు. వాళ్ల శిబిరం పేరు హింద్ నగర్. ఆ ఖైదీల సంగతి చూసిన తటస్థ దేశాల కమిషన్‌కు అధ్యక్షుడు మన జనరల్ తిమ్మయ్య. దక్షిణ కొరియా నేల మీద మనవాళ్లు కాలు పెట్టడానికి అప్పటి అధ్యక్షుడు రీ ఒప్పుకోకపోతే, హెలికాప్టర్లలో దింపారు. ఏ పక్కకూ పోవడానికి ఒప్పుకోని ఖైదీల్లో 88 మందిని మనవాళ్లే ఓడలో ఇండియాకు తెచ్చారు. ఇదంతా చెబితే ఆమె "ఓ, రియల్లీ?" అని జిన్సెంగ్ కూపన్లు పంచడం మొదలుపెట్టింది.

భోజనం మాత్రం దేవుడిచ్చింది. పౌరులకు ఆంక్షలున్న ప్రాంతంలో తోంగిల్‌చోన్ అనే ఊరుంది. అక్కడి జాంగ్దాన్ సోయా గింజలకు మంచి పేరు. మాకు బీఫ్ రసం లేనిది ఏదైనా పెట్టమంటే, హోటల్ పెద్దావిడ టోఫు ముక్కలు నూనెలో దోరగా కాల్చి, అన్నం, ఆకుకూరలు, ఊరబెట్టిన ముల్లంగి పెట్టింది. 11,000 వోన్లు. సియోల్‌లో ప్యోంగ్యాంగ్ చల్లటి నూడుల్స్ అని అందరూ ఎగబడతారు; అది బీఫ్ రసం, తినని వాళ్లు జాగ్రత్త. మా ఆవిడ ఆ రోజు మొదటిసారి నవ్వింది ఈ టోఫు దగ్గరే.

లాడ్జి గురించి చెప్పడానికి ఏం లేదు. సియోల్‌లోని హోంగ్దేలో రాత్రికి 95,000 వోన్లు, సూట్‌కేస్ తెరవాలంటే ఒకరు మంచం ఎక్కాలి.

మీరైతే ఇలా చేయండి. మున్సాన్ దాకా లోకల్ రైలు, అక్కడినుంచి టాక్సీలో సరిహద్దు దగ్గరి ఇమ్‌జింగాక్ పార్కు. పాస్‌పోర్టు చూపించి అక్కడి కౌంటర్‌లోనే డీఎంజెడ్ బస్సు టికెట్ తీసుకుంటే మేం కట్టినదాంట్లో నాలుగో వంతు కూడా కాదు. ముందొచ్చినవాళ్లకు ముందు, కాబట్టి తొమ్మిదికల్లా అక్కడుండాలి. సోమవారం మూత. ఓపిక లేకపోతే గింపో దగ్గర ఏగిబాంగ్ కొండకు పోండి: నదికి అవతల ఉత్తర కొరియా ఒకటిన్నర కిలోమీటరు లోపే, ప్రవేశం 3,000 వోన్లు, పైన 2024 నుంచి స్టార్‌బక్స్ కూడా ఉంది. అక్కడికీ పాస్‌పోర్టు కావాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సొరంగంలో మోనోరైలు ఆ రోజు నడుస్తుందో లేదో కౌంటర్‌లో అడిగాకే టికెట్ కొనండి.