మడమ నొప్పికి నైట్ స్ప్లింట్ కొనేవాళ్లకు హెచ్చరిక: పెట్టె విప్పగానే చేత్తో వంచి చూడండి

మడమ నొప్పికి రాత్రిపూట కాలికి కట్టుకుని పడుకునే నైట్ స్ప్లింట్‌ను ఆన్‌లైన్‌లో కొనాలని చూస్తున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే ఇంకా జాగ్రత్తగా చదవండి. నేను కొన్న స్ప్లింట్ వల్ల నొప్పి తగ్గలేదు సరికదా, నా కాలికి తిమ్మిరి పట్టింది, మా అమ్మ కాలికి పొక్కు లేచింది. అలాంటివే ఇప్పటికీ వేరే వేరే పేర్లతో, అవే ఫొటోలతో అమ్ముతున్నారు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మాది ఖమ్మం. హైస్కూల్ టీచర్‌ని, రోజులో ఎక్కువ భాగం నిలబడే ఉంటాను. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండేది. నాలుగడుగులు నడిస్తే కాస్త సర్దుకునేది, మళ్లీ కాసేపు కూర్చుని లేస్తే మొదలు. ఎముకల డాక్టర్ చూసి ప్లాంటార్ ఫేసియైటిస్ అన్నారు, అంటే అరికాలి కింది నార దెబ్బతిని వచ్చే మడమ నొప్పి. ఎక్స్‌రేలో మడమ ఎముక కొంచెం ముందుకు పెరిగినట్టు కనిపించింది. దానికి భయపడొద్దని, అలా పెరిగి ఏ నొప్పీ లేకుండా తిరిగేవాళ్లు చాలామంది ఉంటారని చెప్పారు. ఇంట్లో గ్రానైట్ మీద ఒట్టి కాళ్లతో నడవొద్దన్నారు, మెత్తటి చెప్పులు వేసుకోమన్నారు, పిక్కలు సాగదీసే వ్యాయామాలు చెప్పారు. పొద్దుటి నొప్పి వదలకపోతే నైట్ స్ప్లింట్ వాడి చూడమన్నారు.

ఈ స్ప్లింట్ ఏం చేస్తుందో తెలిస్తేనే మోసం ఎక్కడ జరుగుతోందో అర్థమవుతుంది. మడమ ఎముక నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద మందపాటి నార ఒకటి ఉంటుంది. మనం పడుకున్నప్పుడు పాదం దానంతటదే కిందికి వాలిపోతుంది. రాత్రంతా ఆ నార, వెనక పిక్క కండరం, రెండూ ముడుచుకునే ఉంటాయి. పొద్దున ఒంటి బరువంతా ఒక్కసారి పడేసరికి ఆ నార గుంజుకుపోతుంది, ప్రాణం పోయినంత నొప్పి వస్తుంది. స్ప్లింట్ పని ఒక్కటే: రాత్రంతా పాదాన్ని కాలికి తొంభై డిగ్రీల్లో, లేదా వేళ్లు ఇంకాస్త పైకి ఉండేలా, వాలకుండా పట్టి ఉంచడం. ఆ కోణం నిలబడకపోతే కాలికి కట్టుకున్నది ఎంత ఖరీదైనదైనా దండగే.

పాతకాలం నుంచి వస్తున్న పద్ధతేమీ కాదిది. మొండి మడమ నొప్పికి నైట్ స్ప్లింట్ పనిచేస్తుందని అమెరికా వైద్యులు వాప్నర్, షార్కీ 1991లో రాశారు. పొద్దున మొదటి అడుగులో నొప్పి ఉండేవాళ్లకు ఒకటి నుంచి మూడు నెలల పాటు దీన్ని వాడించమని అమెరికా ఫిజికల్ థెరపీ అసోసియేషన్ 2014 మార్గదర్శకాల్లో ఉంది. అంటే చికిత్స మంచిదే. నా గొడవంతా దాని పేరు పెట్టుకుని అమ్ముతున్న నాసిరకం సరుకుతోనే.

యాప్‌లో నేను చూసిన పేజీలో పాదం నిటారుగా నిలబడి ఉన్న ఫొటో ఉంది. లోపల అల్యూమినియం పట్టీ ఉన్నట్టు అడ్డంగా కోసి చూపించిన బొమ్మ ఉంది. ‘తొంభై డిగ్రీల గట్టి పట్టు’, ‘ఫ్రీ సైజ్’, ‘షుగర్ పేషెంట్లకూ సురక్షితం’ అని తెలుగులోనే రాశారు. ఎమ్మార్పీ 2,999 అని కొట్టేసి 749 అని పెట్టారు. ఫైవ్ స్టార్ రివ్యూలు కుప్పలుగా ఉన్నాయి.

వచ్చిన పెట్టె మీద తయారుచేసినవాళ్ల పేరు లేదు, దిగుమతి చేసుకున్నవాళ్ల అడ్రస్ లేదు. ఎమ్మార్పీ స్టిక్కర్ కింద ఇంకో స్టిక్కర్ ఉంది. గోటితో గీకితే కింద వేరే ధర కనపడింది. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ధర, నెల, సంవత్సరం, ఫిర్యాదు చేయడానికి వివరాలు ఉండి తీరాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ చెబుతున్నాయి. ఇవి లేని పెట్టె వస్తే విప్పకముందే నాలుగు పక్కలా ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఇక వస్తువు సంగతి. మడమ దగ్గర ఒక చేయి, వేళ్ల దగ్గర ఒక చేయి పెట్టి కిందికి నొక్కితే అది పుస్తకంలా తెరుచుకుంది. చీలమండ దగ్గర మలుపులో ప్లాస్టిక్ ఎంత పల్చగా ఉందంటే, వంగిన చోట తెల్లటి గీత పడిపోయింది. అల్యూమినియం పట్టీ ఎక్కడుందా అని గుడ్డ మీద నొక్కుకుంటూ మొత్తం వెతికాను. అడుగున కుట్టు ఒకచోట ఊడి ఉంటే వేలు పెట్టి చూశాను. స్పాంజి, దాని వెనక పల్చటి ప్లాస్టిక్ ముక్క, అంతే. పాదాన్ని పైకి లాగి ఉంచాల్సిన పక్క పట్టీలు రెండూ సన్నటి ఎలాస్టిక్. ఎలాస్టిక్ అంటే సాగేదే కదా, రాత్రంతా పాదం బరువును అదెలా ఆపుతుంది?

డాక్టర్ వాడమన్నారు కదా అని కట్టుకునే పడుకున్నాను. అర్ధరాత్రి మెలకువ వచ్చి చూస్తే పాదం ఎప్పట్లాగే కిందికి వాలి ఉంది, మడమ స్ప్లింట్‌లోంచి పైకి జారింది, వెల్క్రో దుప్పటికి పట్టుకుంది. మర్నాడు పట్టీలు బిగించి కట్టాను. నేను పొట్టిదాన్ని. ఫ్రీ సైజ్ అన్నారు కాబట్టి పై పట్టీ సరిగ్గా మోకాలి కింద, కాలి బయటి వైపు బుడిపె దగ్గరికి వచ్చింది. తెల్లారి లేస్తే పాదం పైభాగమంతా మొద్దుబారింది, బొటనవేలు సరిగ్గా పైకి లేవడం లేదు. ఆ టెన్షన్ చెప్పలేను. మధ్యాహ్నానికి సర్దుకుంది కానీ సాయంత్రం ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పరుగెత్తాను.

ఆయన స్ప్లింట్ చేతిలోకి తీసుకుని వంచి చూసి పక్కన పడేశారు. "మేడమ్, మోకాలి కింద బయటి వైపు ఒక నరం ఎముకను చుట్టుకుని చర్మం కిందే వెళ్తుంది. పాదాన్ని పైకి లేపేది అదే. అక్కడ పట్టీ బిగిస్తే నరం నలుగుతుంది. ఇంకెప్పుడూ అక్కడ కట్టకండి" అన్నారు. ఇది గుర్తుపెట్టుకోండి. స్ప్లింట్ కట్టుకున్నాక వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా, రంగు మారినా, పాదం పైకి లేవకపోయినా వెంటనే విప్పేయాలి. అలవాటయ్యాక అదే సర్దుకుంటుందని ఓర్చుకోవద్దు.

ఇక మా అమ్మ విషయం. అమ్మకు ఏళ్ల తరబడి షుగర్. అరికాళ్లలో స్పర్శ బాగా తగ్గిపోయింది. నడుస్తూ ఉంటే చెప్పు కాల్లోంచి జారిపోయినా తెలియదు. ఆమెకూ మడమ నొప్పి ఉంది. నేను పక్కన పెట్టేసిన స్ప్లింట్ చూసి, "నువ్వెటూ వాడట్లేదుగా, షుగర్ ఉన్నోళ్లకు మంచిదని అందులో రాశారటగా" అని నాకు చెప్పకుండా కట్టుకుని పడుకుంది. రాత్రి మంచినీళ్లకు లేచినప్పుడు చూసి విప్పించాను. చీలమండ ఎముక మీద ప్లాస్టిక్ అంచు ఒరుసుకుని చర్మం కమిలి, రూపాయి బిళ్ల అంత పొక్కు లేచింది. అమ్మకు ఏమీ తెలియలేదు. నొప్పి తెలిస్తేనే కదా మనిషి కాలు కదిపేది!

మర్నాడు షుగర్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి డ్రెస్సింగ్ చేయించాం. సమయానికి చూశాం కాబట్టి మానింది. స్పర్శ తగ్గిన పాదానికి ఇలాంటివి డాక్టర్ చూడకుండా కట్టకూడదని, చిన్న పొక్కే పుండుగా మారి వేలు, కాలు తీసేసే దాకా తీసుకెళ్తుందని ఆయన గట్టిగానే చెప్పారు. కాళ్లకు రక్త ప్రసరణ సరిగా లేనివాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ‘షుగర్ పేషెంట్లకూ సురక్షితం’ అనే ఆ ఒక్క ముక్క రాసినందుకు ఆ అమ్మకందారు మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. 749 రూపాయల కోసం ఎవరి కాళ్లతో ఆడుకుంటున్నారు?

రిటర్న్ పెడితే, ఒంటికి తగిలే వస్తువు కాబట్టి పరిశుభ్రత కారణాల వల్ల వాపసు లేదన్నారు. మళ్లీ అడిగితే అదే వస్తువు ఇంకొకటి పంపిస్తామన్నారు. పెట్టెలో ఒక చిన్న రంగు కార్డు కూడా ఉంది. ఫైవ్ స్టార్ ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపితే వంద రూపాయలు ఖాతాలో వేస్తారట. ఆ కుప్పలుగా ఉన్న రివ్యూలు ఎక్కడి నుంచి వచ్చాయో అప్పుడర్థమైంది. నేను ఒక్క స్టార్ ఇచ్చి ఫొటోలు పెట్టాక, ఆ రివ్యూ తీసేస్తే సగం డబ్బు ఇస్తామని మెసేజ్ వచ్చింది. తీయలేదు. ఇలాంటి బేరం మీకూ వస్తే ఒప్పుకోకండి, మన తర్వాత కొనేవాళ్లకు ఆ ఒక్క రివ్యూయే దిక్కు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద ఈ-కామర్స్‌కు 2020లో ప్రత్యేకంగా రూల్స్ వచ్చాయి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును ‘వెనక్కి తీసుకోం, డబ్బు ఇవ్వం’ అని అమ్మకందారు అనడానికి వీల్లేదు. ఆ సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. నేను ‘బాగాలేదు’ అని రాసినంత కాలం ఎవరూ పట్టించుకోలేదు. ‘ప్రకటనలో అల్యూమినియం పట్టీ ఉంది, వచ్చినదాంట్లో లేదు’ అని, రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి గ్రీవెన్స్ ఆఫీసర్‌కు పంపి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేశాక కదలిక వచ్చింది. అక్కడ తెలుగులో మాట్లాడొచ్చు. మొత్తం డబ్బు వెనక్కి వచ్చింది. ఆ పేజీ మాత్రం కొన్నాళ్లకు ఇంకో పేరుతో కనపడింది.

తర్వాత ఆస్పత్రి ఎదురుగా ఉన్న సర్జికల్స్ షాపులో, కాలికి పెట్టి చూసుకుని ఇంకొకటి కొన్నాను. దాదాపు రెట్టింపు ధర పడింది. మీరూ వీలైతే షాపులోనే కొనండి. చెప్పుల సైజును బట్టి చిన్న, మధ్యస్థ, పెద్ద అని విడివిడిగా ఉండాలి. రెండు చేతులతో బలంగా నొక్కినా చీలమండ మలుపు వంగకూడదు. పక్క పట్టీలు సాగని నాడాతో ఉండాలి. పై పట్టీ పిక్క మీదికే రావాలి, మోకాలి దగ్గరికి పోకూడదు. షాపులోనే కట్టుకుని పది నిమిషాలు కూర్చోండి, ఎక్కడ ఒరుసుకుంటుందో అప్పుడే తెలుస్తుంది.

బూటులా వెనక నుంచి పట్టుకునే రకం గట్టిగా ఉంటుంది కానీ బరువు, మా ఖమ్మం ఎండల్లో చెమటతో నానిపోతుంది. కాలి ముందు వైపు, పాదం పైన కూర్చునే రకంలో మడమ ఖాళీగా ఉంటుంది, గాలి తగులుతుంది, నిద్ర కూడా నయం. నేను వాడుతున్నది అదే. సాక్సులా ఉండి వేళ్ల దగ్గర నుంచి పట్టీతో లాగేది ఇంకోటి ఉంది. అది తేలికే కానీ బరువంతా వేళ్ల మీద పడుతుంది, నాకు సరిపడలేదు.

మొదటి రోజే రాత్రంతా కట్టుకోకండి. సాయంత్రం టీవీ చూస్తూ గంటో రెండు గంటలో పెట్టుకుని, మెల్లగా పెంచమన్నారు మా ఫిజియో. లోపల పల్చటి కాటన్ సాక్సు వేసుకోండి. బాత్రూమ్‌కు లేస్తే విప్పే వెళ్లండి, దాంతో నడిస్తే గచ్చు మీద జారి పడతారు. విప్పాక మంచం మీదే ఉండి, నొప్పి ఉన్న కాలు రెండో మోకాలి మీద వేసుకుని, కాలివేళ్లను చేత్తో వెనక్కి లాగి పది సెకన్లు పట్టి ఉంచండి. అలా పదిసార్లు చేశాకే కాలు కింద పెట్టండి. నాకు స్ప్లింట్‌తో పాటు ఇది కూడా బాగా పనిచేసింది. వారాలు పట్టింది, ఒక్క రాత్రిలో ఏమీ జరగలేదు. ‘మూడు రోజుల్లో నొప్పి మాయం’ అని రాసిన పేజీ కనపడితే అక్కడ కొనకండి.

ఇప్పటికే ఇలాంటిది కొని మోసపోయినవాళ్లు ఆ పెట్టె, బిల్లు, ప్రకటన పేజీ స్క్రీన్‌షాట్ దాచుకోండి. పేజీ మార్చేస్తారు కాబట్టి స్క్రీన్‌షాట్ ఈ రోజే తీయండి. హెల్ప్‌లైన్‌తో పని కాకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఐదు లక్షల లోపు విలువైనవాటికి ఫీజు లేదు, ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు.