ఆ మెలికల గుర్తు బటన్ జోలికి పోను: నాలుగేళ్ళ వాడకం తర్వాత

కారు పేరు రాయను. శ్రీకాకుళం జిల్లాలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పేరు రాస్తే పలాసలో సగం మందికి నేనెవరో తెలిసిపోతుంది, మిగతా సగం మందికి మా బావమరిది చెబుతాడు. 400 గుర్రాల ఇంజిన్, ఆ బలమంతా వెనక చక్రాలకే, ఆటోమేటిక్ గేర్లు. 2016 బండి. 2021లో హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పటికి నేను తిప్పింది 31 వేల కిలోమీటర్లు, ఎక్కువగా పలాస నుంచి విశాఖకీ, తిరిగి ఇంటికీ. మైలేజీ, సీట్లు, సౌండ్ గురించి వీడియోలు బోలెడున్నాయి, చూసుకోండి. కాశీబుగ్గలో స్పీడ్ బ్రేకర్ల మీద పొట్ట గీసుకుంటుంది, అదొక్క ముక్క చెప్పి వదిలేస్తాను.

నేను రాయాలనుకున్నది ఒక బటన్ గురించి. గేర్ రాడ్ పక్కన ఉంటుంది. మీద కారు బొమ్మ, దాని వెనక పాము పాకినట్టు రెండు మెలికల గీతలు. స్టెబిలిటీ కంట్రోల్ బటన్, అంటే బండి జారి అదుపు తప్పకుండా కాచే సిస్టమ్‌ది. మామూలు కార్లలో కూడా ఉంటుంది, చాలామంది దాన్ని జన్మలో ముట్టుకోరు. నేను మాత్రం కొన్న మొదటి నెలలోనే ముట్టుకున్నాను. ఒకసారి నొక్కితే స్పోర్ట్ మోడ్. పూర్తిగా ఆఫ్ అవదు కానీ, వెనక చక్రాలు కొంచెం జారేదాకా ఊరుకుని అప్పుడు కలగజేసుకుంటుంది. రౌండబౌట్ దగ్గర తోక కాస్త ఊగితే ఆ మజాయే వేరు అనుకునేవాణ్ని.

అప్పట్లో అడిగినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పాను: "ఇన్ని గుర్రాలున్నా ఆవులాంటి బండి, ఎవరైనా నడపొచ్చు." ఆ మాట మీద ఇద్దరు ముగ్గురు నా బండి నడిపారు కూడా. బండి ఆవేమీ కాదని, కాపరి ఎవరో పక్కన కర్ర పట్టుకుని ఉన్నాడని 2023 జూన్‌లో తెలిసింది.

విశాఖ నుంచి ఇంటికి వస్తున్నాను, పక్కన మా బావమరిది. పైడిభీమవరం ముందు టీకి ఆగాం. ఇంజిన్ ఆపితే ఆ సిస్టమ్ మళ్ళీ తనంతట తానే పూర్తిగా ఆన్ అవుతుంది. నేను టీ తాగి వచ్చి, సీటు బెల్టు పెట్టుకున్నంత అలవాటుగా, బటన్ నొక్కేశాను. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ఎండాకాలం తర్వాత మొదటి వాన. ఆ వానకి రోడ్డు కడిగినట్టు అవదు. నెలల తరబడి పేరుకున్న ఆయిలూ, టైర్ల రబ్బరు పొడీ నీళ్ళతో కలిసి పైకి తేలతాయి. మొదటి పది పదిహేను నిమిషాల జారుడు జోరువానలో కూడా ఉండదు. ఇదంతా నాకు తెలియక కాదు.

రణస్థలం ఇంకా రాలేదు. ముందు ఒక ట్యాంకర్ కుడి లైనులో తాపీగా పోతోంది. హారన్ కొట్టాక ఎడమకి తప్పుకుంది. మాది ఎనభై స్పీడు. దాటేద్దామని పెడల్ నేలకి అంటేలా తొక్కాను. ఆటోమేటిక్‌లో అలా తొక్కితే గేర్లు ఒక్కసారిగా కిందికి దిగుతాయి. ఆరులో ఉన్నది మూడుకి దిగింది, ఇంజిన్ అరిచింది, ఆ బలమంతా తడి రోడ్డు మీద రెండు చక్రాలకి పోయింది.

ట్యాంకర్‌ని దాటామో లేదో, తోక ఎడమకి వెళ్ళిపోయింది. అద్దం నిండా డివైడర్ మీద గన్నేరు పువ్వులు. డాష్‌బోర్డు మీద పసుపు లైటు గబగబా కొట్టుకుంటోంది, ముందు ఎడమ చక్రం దగ్గర గరగరమని బ్రేకు పడుతున్న చప్పుడు. నేను స్టీరింగ్ ఎడమకి తిప్పాను, అది సరే. కానీ భయంతో యాక్సిలరేటర్ మీంచి కాలు ఒక్కసారిగా తీసేశాను. బరువంతా ముక్కు మీద పడి, వెనక్కి ఉన్న కాస్త పట్టూ పోయింది. అయినా ఆ సిస్టమ్ పాపం బండిని దారిలోకి తెచ్చింది. తెచ్చిన విషయం నా చేతులకి తెలియలేదు. స్టీరింగ్ ఇంకా ఎడమకే పట్టుకుని ఉన్నాను. చక్రాలకి పట్టు దొరకగానే బండి ఎడమకి విసురుగా తిరిగింది, ఈసారి తోక కుడికి. గన్నేరు పోయి సరుగుడు తోట కనబడింది. ట్యాంకర్ ముందు నుంచి అడ్డంగా జారి, రోడ్డు పక్క బురదలో ముక్కు కాలువ వైపు పెట్టి ఆగాం. కాలువకి రెండడుగులు ఉందేమో.

బావమరిది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "బావా, నా చెప్పు ఒకటి కనబడట్లేదు" అన్నాడు.

ట్యాంకర్ డ్రైవర్ ముందుకెళ్ళి ఆపి, దిగి వచ్చాడు. తిడతాడనుకున్నాను. బండి చుట్టూ తిరిగి చూసి, "ఏటి బాబూ, ఇంత బండెట్టుకుని నన్ను దాటడానికి అంత గాబరా ఏటి?" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆయన బ్రేకు వేయడం అర సెకను ఆలస్యమైతే ఇది రాయడానికి నేనుండను.

మర్నాడు శ్రీకాకుళంలో చక్రాల అలైన్‌మెంట్‌కి ఇస్తే, టైర్ల కుర్రాడు వెనక టైరు పక్కన అంకెలు చూపించాడు. 1416. అంటే 2016లో 14వ వారం తయారీ. ముందు టైర్లు కొత్తవి. నాకు అమ్మినాయన ముందు జత మాత్రం మార్చి, వెనక జత కడిగి నల్లగా మెరిపించి ఇచ్చాడు. గాళ్ళు లోతుగానే ఉన్నాయి, అందుకే నేనూ మోసపోయాను. గోరు గుచ్చితే మాత్రం దిగలేదు, రబ్బరు గట్టిపడిపోయింది. ఏ కారుకైనా రెండే కొత్త టైర్లు వేయగలిగితే అవి వెనక వేయాలట. ముందు జారితే బండి నేరుగా పోతుంది, వెనక జారితే బొంగరం తిరుగుతుంది. 400 గుర్రాలు వెనకే ఉన్న బండికి చెప్పక్కర్లేదు. అమ్మినాయన మీద కోపం ఇప్పటికీ ఉంది. రెండేళ్ళపాటు ఆ అంకెలు చూడని నా మీద కూడా.

ఆ బటన్ గురించి అప్పుడు కుదురుగా చదివాను. స్టీరింగ్ ఎటు తిప్పామో, బండి నిజంగా ఎటు తిరుగుతోందో రెండూ పోల్చి చూస్తుందట. తేడా వస్తే నాలుగింట్లో అవసరమైన చక్రానికి విడిగా బ్రేకు వేస్తుంది, ఇంజిన్ బలం కోస్తుంది. మన కాలి కింద బ్రేకు పెడల్ ఒక్కటే, అది నాలుగు చక్రాలకీ కలిపి. కాబట్టి ఎంత తోపు డ్రైవరైనా ఈ పని చేయలేడు. 1995లో మెర్సిడెస్ పెద్ద కార్లలో వచ్చింది. 1997లో అదే కంపెనీ చిన్న కారు స్వీడన్‌లో ఒక పరీక్షలో పల్టీ కొట్టాక దానికీ పెట్టారు. ఇప్పుడు యూరప్‌లో, అమెరికాలో కొత్త కార్లకి తప్పనిసరి. ఇంత కథ ఉన్నదాన్ని నేను మజా కోసం సగం నిద్రపుచ్చాను.

అలాగని దాన్ని దేవుణ్ని చేయను. రోడ్డుకీ టైరుకీ మధ్య ఉన్న పట్టునే అది సర్దుతుంది, లేని పట్టు పుట్టించలేదు. నిలిచిన నీళ్ళ మీద టైరు తేలిపోతే దానికీ దిక్కుండదు. పోయిన ఏప్రిల్‌లో టెక్కలి దాటాక ఒక ఊరి రోడ్డులో సగం మేర మొక్కజొన్న గింజలు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పెట్టారు. ఎదురుగా బస్సు వస్తే గింజల మీదికి దిగాల్సి వచ్చింది. నలభై స్పీడులో, కొత్త టైర్లతో, సిస్టమ్ పూర్తిగా ఆన్‌లో ఉన్నా, గోలీల మీద నడిచినట్టే అయింది. లైటు వెలిగింది, బండి కదలాల్సినంత కదిలింది. ఆ రైతు నన్ను చూసిన చూపు వేరే కథ.

మారింది ఎక్కువగా నా కాలే. మాది జీడిపప్పు వ్యాపారం. షెడ్డులో పిక్కలు కొట్టే మిషన్ కాలితో తొక్కేది. కొత్తగా చేరినవాళ్ళు గట్టిగా తొక్కి గుండు పప్పుని బద్దలు చేస్తారు, రేటు పడిపోతుంది. చెయ్యి తిరిగినవాళ్ళ కాలు ఎప్పుడు కిందికి పోయిందో కనబడదు. ఇరవై ఏళ్ళుగా రోజూ చూస్తున్నదే, కారు పెడల్ దగ్గరకొచ్చేసరికి గుర్తు రాలేదు. ఇప్పుడు దాటాలంటే ముందే నేనే ఒక గేరు దించుకుని, స్టీరింగ్ నేరుగా ఉన్నప్పుడే మెల్లగా తొక్కుతున్నాను. వానలో రెయిన్ మోడ్, అంటే తొక్కినా బలం మెత్తగా వచ్చే సెట్టింగ్. అదే పైడిభీమవరం రోడ్డు మీద, అదే జూన్ వానల్లో చాలాసార్లు వచ్చాను, పసుపు లైటు ఒక్కసారి కూడా మిణుకుమనలేదు. వెనక టైర్ల జతకి డెబ్బై వేలయింది, అదీ గుర్తుంచుకోండి.

కొనమంటారా అని అడిగితే ఏం చెప్పాలో తెలియదు. నాకు 46 ఏళ్ళు, ఇంట్లో వేరే మామూలు కారుంది, వారానికి రెండుసార్లు హైవే పని ఉంది, టైర్ల ఖర్చు పెద్ద బాధ కాదు. ఇవి లేకపోతే నేనే కొనేవాణ్ని కాదేమో. పాతికేళ్ళ కుర్రాడు వచ్చి అడిగితే ముందు నా సీట్లో కూర్చోబెట్టి, నిలబెట్టిన బండిలోనే ఓ గంట మాట్లాడతాను.

బావమరిది మాత్రం ఇంకా తాళాలు అడుగుతున్నాడు. ఆ చెప్పు ముందు సీటు కింద దొరికింది, ఇచ్చేశాను. తాళాలు ఇవ్వలేదు.