"12 స్కేల్స్ గాస్పెల్ కార్డ్స్" ప్యాక్ కొనేవాళ్ళకు జాగ్రత్త: డబ్బు కట్టే ముందు ఏ-ఫ్లాట్ పేజీ అడగండి

"అన్ని స్కేల్స్‌లో గాస్పెల్ ప్రోగ్రెషన్స్! మొత్తం 432! ఒక్కసారి కడితే జీవితాంతం మీవే!" ఇలాంటి ప్రకటనతో పీడీఎఫ్, వీడియోలు, మిడి ఫైల్స్ (కీబోర్డ్ తనంతట తనే వాయించే ఫైల్స్) కలిపి అమ్ముతున్న ఒక గాస్పెల్ (అమెరికా నల్లజాతి చర్చిల్లో పెరిగిన భక్తి సంగీతం) ప్యాక్‌ని పూర్తిగా తెరిచి, కీబోర్డ్ మీద వాయించి చూశాక రాస్తున్న హెచ్చరిక ఇది. ధర 1,499 రూపాయలు. అమ్మేవాళ్ళ పేరు రాయడం లేదు. రాసినా పెద్ద లాభం లేదు, ఇలాంటి సరుకు అట్ట మార్చుకుని ఇంకో పేరుతో రావడానికి ఎంతసేపు? ఎలా గుర్తుపట్టాలో తెలిస్తే చాలు.

ముందు ఆ 432 సంగతి. లోపల ఉన్నవి 9 ప్రోగ్రెషన్స్, అంటే కార్డ్స్ (కలిపి వాయించే స్వరాల గుంపులు) ఒకదాని తర్వాత ఒకటి వచ్చే వరసలు. 12 స్కేల్స్‌తో హెచ్చిస్తే 108. ఒక్కోదాన్నీ రూట్ పొజిషన్‌లో (కార్డ్ పేరున్న స్వరం అడుగున) ఒకసారి, మూడు ఇన్వర్షన్స్‌లో (అవే స్వరాలు, అడుగున ఉండేది వేరు) మూడుసార్లు అచ్చేస్తే 432. లెక్క సరిపోయింది, సరుకు పెరగలేదు.

వీడియోల దగ్గర అసలు దెబ్బ తగులుతుంది. అన్నీ సి స్కేల్‌లోనే ఉన్నాయి. మిగతా 11 స్కేల్స్‌కీ ఒకటే సలహా: ట్రాన్స్‌పోజ్ బటన్ (వేళ్ళు అవే ఉంచి శృతి మార్చేది) నొక్కుకోండి. మన చర్చిల్లో ట్రాన్స్‌పోజ్ వాడకం కొత్తేం కాదు. పాడేవాళ్ళు తమ శృతిలో ఎత్తుకుంటారు, కీబోర్డ్ దగ్గరున్నవాళ్ళు స్కేల్ పట్టుకుని, బటన్ నొక్కి, సి ఫింగరింగ్‌తోనే పాట నడిపించేస్తారు. అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ ఆ బటన్ ఎక్కడుందో చూపించడానికి 1,499 రూపాయలు ఎందుకివ్వాలి?

పైగా గాస్పెల్‌కి వచ్చేసరికి ఆ దారి సగంలోనే ఆగిపోతుంది. బటన్‌తో ఏ-ఫ్లాట్‌కి మార్చుకుని (హార్మోనియం భాషలో ఐదున్నర శృతి) వాయిస్తుంటే, బేస్ గిటార్ అతను "ఇప్పుడేం కార్డ్ అన్నా?" అని అడుగుతాడు. మీ వేళ్ళ కింద ఉన్నది ఎఫ్, వినిపిస్తున్నది డి-ఫ్లాట్. మీరు ఎఫ్ అన్నారంటే ఆ లైన్ పోయినట్టే. చివరి చరణంలో పాట అర మెట్టు (పక్క కీ అంత) పైకి ఎక్కితే, రెండు చేతులూ అవసరమైన ఆ ఒక్క బార్‌లోనే ఒక చెయ్యి తీసి బటన్ మీద పెట్టాలి. మామూలు పియానోకీ, హామండ్ బి-3 ఆర్గాన్‌కీ అసలు ఆ బటనే ఉండదు. అమెరికా నల్లజాతి చర్చిల్లో గాస్పెల్ పెరిగింది ఈ రెండు వాద్యాల మీదే. అక్కడ ఏ-ఫ్లాట్, డి-ఫ్లాట్, ఇ-ఫ్లాట్ రోజువారీ స్కేల్స్. సి ఒక్కటే నేర్పి గాస్పెల్ నేర్పామంటే ఎలా నమ్మాలి?

ఇంతకన్నా పెద్ద లోపం కార్డ్స్‌లోనే ఉంది. 7-3-6 పేజీ తీయండి (స్కేల్‌లో ఎన్నో స్వరం మీద కార్డ్ కట్టాలో ఆ అంకెలు చెబుతాయి). గాస్పెల్‌లో 6కి చేరే రాజమార్గం ఇదే. సి స్కేల్‌లో వాయించాల్సింది: ముందు బి హాఫ్ డిమినిష్డ్ (బి, డి, ఎఫ్, ఏ), తర్వాత ఇ 7 షార్ప్ 9 (ఎడమ చేతిలో ఇ, కుడి చేతిలో జి-షార్ప్, డి, జి), ఆఖర్న ఏ మైనర్ 9. ఈ ప్యాక్‌లో మధ్య కార్డ్ ఇ మైనర్ 7 అని అచ్చయింది. అంటే జి-షార్ప్ ఎగిరిపోయింది. ఏ మైనర్ వైపు లాగేది ఆ ఒక్క స్వరమే. అది ఏ కి అర మెట్టు కింద ఉంటుంది కాబట్టి చెవి ఏ కోసం ఎదురుచూస్తుంది. అది లేకపోతే మూడు కార్డ్స్ వరసగా వినిపిస్తాయి, అంతే. కారణం ఊహించడం కష్టం కాదు. స్కేల్‌లోని ఏడు స్వరాలు సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే వాటిలోంచే కార్డ్స్ కట్టి ఇస్తుంది. 12 స్కేల్స్‌లోనూ ఒకే చోట ఒకే తప్పు ఉందంటే మనిషి చెయ్యి పడలేదన్నమాట.

1 నుంచి 4కి వెళ్ళే చోటా ఇదే కథ. సి నుంచి ఎఫ్‌కి వెళ్ళేముందు సి 7 తగలాలి, అందులోని బి-ఫ్లాట్ స్కేల్ బయటిది. గాస్పెల్‌కి ఈ వాసన బ్లూస్ నుంచి వచ్చింది. 1930ల్లో షికాగోలో ఈ సంగీతానికి రూపమిచ్చిన థామస్ డోర్సీ అంతకుముందు బ్లూస్ పియానిస్టే. ప్యాక్‌లో మాత్రం 1 ఎప్పుడూ మేజర్ 7, 4 ఎప్పుడూ మేజర్ 7. వినడానికి హోటల్ లాబీలో వేసే సంగీతంలా ఉంటుంది.

ఇక 2-5-1. సి స్కేల్ పేజీ నిజంగానే బాగుంది, కాదనలేం. కుడి చేతిలో ఎఫ్, ఏ, సి, ఇ. తర్వాత ఎఫ్, ఏ, బి, ఇ. ఆఖర్న ఇ, జి, బి, డి. ఎడమ చేతిలో డి, జి, సి. మొదటి మార్పులో సి ఒక్కటే బి కి దిగుతుంది, మిగతా మూడు వేళ్ళూ కదలవు. గొడవ తర్వాతి పేజీల్లో మొదలవుతుంది. అదే ఆకారాన్ని అర మెట్టు చొప్పున పైకి జరుపుతూ బి స్కేల్ దాకా తీసుకెళ్ళారు. మధ్య సి కిందున్న ఎఫ్ దగ్గర మొదలైన చెయ్యి చివరికి దాదాపు ఆక్టేవ్ పైకి చేరి, కార్డ్ పల్చబడి, పాడేవాళ్ళ గొంతు మీద పడుతుంది. కుడి చెయ్యి సుమారుగా మధ్య సి కింది ఇ నుంచి పై సి లోపలే ఉండాలి. దాటుతుంటే ఇన్వర్షన్ మార్చాలి: సి, ఇ, ఎఫ్, ఏ, తర్వాత బి, ఇ, ఎఫ్, ఏ, తర్వాత బి, డి, ఇ, జి. ఎక్కడ మారాలో చెప్పడానికే కదా 12 స్కేల్స్ కోర్సు! రూట్ పొజిషన్, మూడు ఇన్వర్షన్స్ అచ్చేశారు గానీ ఏది ఎప్పుడో ఒక్క ముక్క లేదు.

స్వరాల పేర్లూ తప్పే. ఏ-ఫ్లాట్ పేజీలో జి-షార్ప్, ఏ-షార్ప్, సి, సి-షార్ప్ అని రాశారు. ఏడు అక్షరాలూ ఒక్కోసారే రావాలి: ఏ-ఫ్లాట్, బి-ఫ్లాట్, సి, డి-ఫ్లాట్, ఇ-ఫ్లాట్, ఎఫ్, జి. మిడి ఫైల్స్‌లో అన్ని నోట్స్‌కీ ఒకే బలం, పెడల్ లేదు.

కాబట్టి ఇలాంటిది కొనాలనుకుంటే అమ్మేవాళ్ళని శాంపిల్‌గా సి స్కేల్ అడగొద్దు, అది అందరి దగ్గరా బాగానే ఉంటుంది. ఏ-ఫ్లాట్‌లో 7-3-6 పేజీ, ట్రాన్స్‌పోజ్ లేకుండా వాయించిన వీడియో ముక్క అడగండి. జి హాఫ్ డిమినిష్డ్, సి 7 షార్ప్ 9, ఎఫ్ మైనర్ 9 కనిపించాలి. మధ్యలో సి మైనర్ 7 ఉంటే అక్కడితో ఆపేయండి. ఓపికుంటే 1 నుంచి 6కి బేస్ నడక కూడా అడగండి: ఏ-ఫ్లాట్, సి బేస్‌తో ఏ-ఫ్లాట్, డి-ఫ్లాట్, డి డిమినిష్డ్, ఇ-ఫ్లాట్ బేస్‌తో ఏ-ఫ్లాట్, ఇ బేస్‌తో సి 7, ఎఫ్ మైనర్. శాంపిల్ ఇవ్వం అంటే జవాబు దొరికినట్టే.

వ్యక్తిగత యూపీఐ నంబర్‌కి పంపమంటే పంపకండి, బిల్లు రాదు, తర్వాత పట్టుకోవడానికి ఏమీ మిగలదు. "డిజిటల్ ప్రొడక్ట్, రీఫండ్ లేదు" అని అడుగున చిన్నక్షరాల్లో రాసినంత మాత్రాన ప్రకటనలో చెప్పింది ఇవ్వకపోవడం చెల్లిపోదు. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు డిజిటల్ ఉత్పత్తులకూ వర్తిస్తాయి. వ్యాపారంగా అమ్మేవాళ్ళు ఫిర్యాదుల అధికారి వివరాలు చూపించాలి. ఆ అధికారి ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పి, నెలలోపు పరిష్కరించాలి. ప్రకటన స్క్రీన్‌షాట్, బిల్లు, తప్పున్న పేజీ, ఈ మూడూ దగ్గర పెట్టుకుని ముందు వాళ్ళకి మెయిల్ చేయండి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. విదేశాల్లో ఉండి క్రెడిట్ కార్డుతో కట్టినవాళ్ళు ఆలస్యం చేయకుండా బ్యాంక్‌లో డిస్ప్యూట్ వేయండి, దానికి గడువుంటుంది.

ఇప్పటికే కొనేసి ఉంటే ఆ సి స్కేల్ 2-5-1 పేజీ ఒక్కటి ఉంచుకోండి, 12 స్కేల్స్‌కీ అదే సరిపోతుంది. సి మేజర్ 9 దగ్గర ఆగినప్పుడు కుడి చేతిలో ఇ, జి, బి, డి ఉంటాయి. ఇ ని ఇ-ఫ్లాట్‌కీ, బి ని బి-ఫ్లాట్‌కీ దించండి, బేస్ సి అలాగే ఉంచండి. అది సి మైనర్ 9, అంటే బి-ఫ్లాట్ స్కేల్‌కి 2. అక్కణ్ణుంచి ఎఫ్ 13, బి-ఫ్లాట్ మేజర్ 9. మళ్ళీ రెండు స్వరాలు దించితే ఏ-ఫ్లాట్‌కి 2. ఇలా సి, బి-ఫ్లాట్, ఏ-ఫ్లాట్, జి-ఫ్లాట్, ఇ, డి అయ్యాక, డి-ఫ్లాట్‌లో మొదలుపెడితే బి, ఏ, జి, ఎఫ్, ఇ-ఫ్లాట్ వస్తాయి. దిగుతూ దిగుతూ కార్డ్ బురదగా వినిపించడం మొదలైతే అక్కడ ఇన్వర్షన్ మార్చండి. మెట్రోనోమ్ 60 మీద 2కి రెండు బీట్లు, 5కి రెండు, 1కి నాలుగు ఇస్తే ఒక్కో స్కేల్‌కి 8 సెకన్లు, మొత్తం 12 స్కేల్స్‌కి 96 సెకన్లు. డి-ఫ్లాట్, జి-ఫ్లాట్ దగ్గర వేళ్ళు తడబడితే మెట్రోనోమ్‌ని 40కి దించి ఆ రెండే తిప్పండి. ట్రాన్స్‌పోజ్ సున్నా మీద ఉందో లేదో ముందే చూసుకోండి.