క్రూజ్ టికెట్ మీద ‘జీటీవై’ అని ఉందా? పైసలు కట్టకముందే చూసుకోండి

హన్మకొండ, వరంగల్, కాజీపేట నుంచి పిల్లలను తీసుకుని ముంబై–గోవా క్రూజ్‌కు పోదామనుకునేవాళ్లు ఎవరి చేతిలోనైనా అడ్వాన్స్ పెట్టకముందు ఇది చదవండి. నిన్న రాత్రే ఇల్లు చేరాం, కోపం ఇంకా దిగలేదు. అందుకే ముందు వెనకలు వదిలేసి సూటిగా రాస్తున్నా. ఏజెంట్ పేరు రాయను, ఫిర్యాదు నడుస్తోంది. దసరా సెలవులకు మూడు రాత్రుల ఓడ ప్యాకేజీ అని కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో పోస్టర్లు తిప్పే బాపతు అంటే చాలామందికి అర్థమైపోతుంది.

మాకు చెప్పింది ఇది: నలుగురికి ఒకే గది, సముద్రం కనపడే కిటికీ, తలకు 32,000, మొత్తం 1,28,000. జులైలోనే అంతా కట్టించుకున్నాడు. దక్కింది ఇది: కిటికీ లేని రెండు గదులు, ఒకటి మూడో డెక్‌లో, ఇంకోటి ఏడో డెక్‌లో (డెక్ అంటే ఓడలో అంతస్తు). ఒక దాంట్లో నేనూ తొమ్మిదేళ్ల బాబూ, ఇంకో దాంట్లో మా ఆయనా పదిహేనేళ్ల పాపా. పిల్లలను మాత్రమే వేరే గదిలో పెడితే ఓడవాళ్ల సిస్టమ్ బుకింగే తీసుకోదు, ప్రతి గదిలో ఒక పెద్దమనిషి ఉండాలి. ఆ లెక్క కోసం మమ్మల్ని ఇద్దరిద్దరిగా విడగొట్టాడు. మాతో ఒక్క మాట అనలేదు.

ఇది మాకు తెలిసింది ముంబై రేవు బల్లార్డ్ పియర్‌లో, ఓడ ఎక్కే కౌంటర్ దగ్గర. వెనకాల పొడుగాటి లైన్. కౌంటర్‌లో అమ్మాయి స్క్రీన్ మా వైపు తిప్పి, “మేడం, మీవి రెండు ఇన్‌సైడ్ క్యాబిన్లు, జీటీవై” అన్నది. నేను ఏజెంట్ ఇచ్చిన కాగితం తీశాను. దాని మీద కిటికీ బొమ్మ, కిటికీలో నీలం సముద్రం, కింద వాళ్ల రబ్బరు స్టాంపు, పక్కన సంతకం. గది నంబర్ ఉండాల్సిన చోట రెండు చిన్న గీతలు. బుకింగ్ నంబర్ లేదు. ఆ అమ్మాయి కాగితాన్ని తిప్పి చూసి, “ఇది మా వోచర్ కాదు మేడం” అని మెల్లగా తిరిగి ఇచ్చింది. స్క్రీన్ మీద బుకింగ్ అయిన తేదీ, ఓడ బయల్దేరడానికి తొమ్మిది రోజుల ముందుది. కట్టిన మొత్తం 89,400.

అక్కడి నుంచే అతనికి ఫోన్ చేశాను. రెండోసారికి ఎత్తాడు. నేను చెప్పిందంతా విని, “మేడం, షిప్పు ఎక్కితే అందరికీ ఒక్కటే గద. రూముల పండుకునేది ఎంతసేపు? మూడు రాత్రులకే గద, జర అడ్జస్ట్ చేస్కోండ్రి” అన్నాడు. పైసల తేడా సంగతేంది అని అడిగితే, “సర్వీస్ చార్జీ ఉండదా మేడం, మేము ఫుకట్ల పని చేస్తమా” అని పెట్టేశాడు. ఆ తర్వాత స్విచాఫ్. ముప్పై ఎనిమిది వేల ఆరు వందలు సర్వీస్ చార్జీ! అడ్వాన్స్ కట్టిన రోజు మా అత్తమ్మను “అమ్మా, మీరు గూడ రండ్రి, నేను దగ్గరుండి సూపిస్త” అని పిలిచిన గొంతే అది. పైసలు పోయినదానికంటే ఆ “అడ్జస్ట్” అన్న మాట ఎక్కువ గుచ్చుకుంది.

తప్పు నాది కూడా. బుకింగ్ నంబర్ అడగాలని నాకు తెలుసు. ఇంతకు ముందు చుట్టాలకు ఓడ టికెట్లు నేనే ఆన్‌లైన్‌లో చేసి పెట్టాను. ఈసారి ఊరివాడే కదా అని వదిలేశాను.

ఇప్పుడు అసలు మర్మం. జీటీవై (GTY) అంటే గ్యారంటీ. ఆ మాట విని మన గదికి గ్యారంటీ అనుకుంటాం, అది కాదు. ఓడలో మీకు ఒక చోటు మాత్రం ఖాయం, ఏ డెక్, ఏ మూల, ఏ నంబర్ అనేది కంపెనీ ఇష్టం, అదీ చివర్లో ఇస్తారు. అందరూ ఏరుకోగా మిగిలిన గదులే ఎక్కువగా దీనికి పోతాయి: ముందు కొసన ఉన్నవి, లిఫ్ట్ పక్కవి, డిస్కో కిందవి, వంటగది పైవి. తెలిసి తీసుకుంటే తప్పేం లేదు, ఇద్దరే అయితే తక్కువలో అవుతుంది. పిల్లలున్న కుటుంబం మాత్రం తీసుకోకూడదు, ఎందుకంటే రెండు గదులు జీటీవైలో తీసుకుంటే అవి పక్కపక్కన వస్తాయని ఎవరూ మాట ఇవ్వరు.

నలుగురు పట్టే గదులు ఏ ఓడలోనైనా తక్కువ. కింద రెండు మంచాలు, పైన గోడలోంచి కిందికి దిగే రెండు బెర్తులు, లేదంటే సోఫా మంచం. దసరా, సంక్రాంతి, ఎండాకాలం సెలవులకు అందరికంటే ముందు అయిపోయేవి ఇవే. కొందరు ఏజెంట్లు మన పైసలు జులైలో తీసుకుని చేతిలో పెట్టుకుంటారు, చివర్లో రేటు పడుతుందని చూస్తారు. పడితే తేడా వాళ్ల జేబులోకి. అప్పటికి నలుగురి గది ఉండదు, అది మన నెత్తిన. అందుకే పైసలు కట్టిన తేదీ, కంపెనీ దగ్గర బుకింగ్ అయిన తేదీ ఒకటేనా కాదా చూడండి. రెంటికీ మధ్య వారం కంటే ఎక్కువ ఉంటే ఏదో నడుస్తున్నట్టే.

“తలకు ఇంత” అనే లెక్క దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. ఓడ గదికి రేటు అట్లా ఉండదు. మొదటి ఇద్దరికి పూర్తి రేటు, అదే గదిలో మూడో మనిషికి, నాలుగో మనిషికి మామూలుగా తక్కువ పడుతుంది. పోర్ట్ చార్జీలు, జీఎస్టీ, సిబ్బంది సర్వీస్ ఫీజు వేరే వరుసల్లో వస్తాయి. ఆ వరుసలన్నీ విడివిడిగా కనపడే కంపెనీ ఇన్‌వాయిస్ చూపించమనండి. నలుగురికీ ఒకటే రేటు చెప్పాడంటే పిల్లల తగ్గింపు ఎవరో తింటున్నట్టు లెక్క.

రెండు డెక్కులైతే ఏమైంది, నిద్రకే కదా అనేవాళ్లకు ఒక మాట. ఓడలో ప్రమాదం వస్తే ఎక్కడ నిలబడాలో, ఏ లైఫ్‌బోట్ ఎక్కాలో గదిని బట్టి ఇస్తారు. దాన్నే మస్టర్ స్టేషన్ అంటారు. గది తలుపు వెనకా, ఓడవాళ్లు మనకిచ్చే కార్డు మీదా ఒక అక్షరమో అంకెనో ఉంటుంది. మా రెండు గదులకు రెండు వేర్వేరు స్టేషన్లు వచ్చాయి. రాత్రిపూట ఏడు పొట్టి కూతలు, ఆ వెంటనే ఒక పొడుగు కూత వినపడితే, అది అందరినీ మస్టర్ స్టేషన్‌కు రమ్మనే సంకేతం, నేను బాబుతో ఒక వైపు, పాప వాళ్ల నాన్నతో ఇంకో వైపు పోవాలన్నమాట. గెస్ట్ సర్వీసెస్ (ఓడలో ప్రయాణికుల కౌంటర్) దగ్గర గంటకు పైగా నిలబడితే గదులు మారలేదు గానీ స్టేషన్ మాత్రం ఒకటే చేసి ఇచ్చారు. మీకు కూడా గదులు విడిగా వస్తే మొదట అడగాల్సింది ఇదే, భోజనం టేబుల్ సంగతి తర్వాత.

ప్రమాదం వస్తే ఏం చేయాలో, ఎక్కడ నిలబడాలో చూపించే డ్రిల్ ఎగ్గొట్టకండి, పిల్లలను ఎగ్గొట్టనివ్వకండి. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా రాతికి గుద్దుకుని ఒరిగి 32 మంది పోయారు. ఆ సాయంత్రం ఎక్కినవాళ్లకు అప్పటికి డ్రిల్ జరగలేదు, ఎందుకంటే అప్పటి రూలు 24 గంటల్లోపు చేస్తే చాలు అనేది. 2015 జనవరి 1 నుంచి ఓడ కదలకముందు గానీ కదిలిన వెంటనే గానీ చేసి తీరాలి. పాప ఈడు పిల్లలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నిలబడతారు, తీయించండి. చిన్నపిల్లల సైజు లైఫ్ జాకెట్ గదిలో ఉందో లేదో ఎక్కగానే బీరువా తెరిచి చూడండి, లేకపోతే క్యాబిన్ స్టీవర్డ్‌ను అడిగి తెప్పించుకోండి. పెద్దల జాకెట్ చిన్నపిల్లలకు నీళ్లలో మెడ పైకి జారిపోతుంది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పుడు మన కడిపికొండ ఇళ్లలో ఎంత ఏడుపు విన్నామో మనకు ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటం వద్దు.

కిటికీ లేని గదితో పిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంది. కడుపులో తిప్పేటప్పుడు దూరంగా సముద్రం, ఆకాశం కలిసే గీత చూస్తే కాస్త నయం. లోపలి గదిలో కన్ను గోడ కదలట్లేదంటుంది, చెవి కదులుతోందంటుంది, ఆ తగాదాలోనే వాంతులు మొదలవుతాయి. ఓడ నడుమ భాగం మీద త్రాసు లాగా ఊగుతుంది కాబట్టి నడుమన, కింది డెక్కుల్లో ఊపు తక్కువ. ముందు కొసన ఎక్కువ. మూడో డెక్‌లో నాది నడుమన వచ్చింది, బాబు బాగానే ఉన్నాడు. ఏడో డెక్ గది ముందు కొసన, పాప మొదటి రాత్రంతా బకెట్ పట్టుకుంది. వాంతులు రాకుండా వేసే అవోమిన్ లాంటి మాత్ర ఎక్కకముందే వేస్తే పని చేస్తుంది, వాంతులు మొదలయ్యాక లోపల నిలవదు. పిల్లలకు ఎంత వేయాలో ఊళ్లోనే డాక్టర్‌ను అడిగి రాయించుకుని పోండి.

పెద్ద బ్యాగులు టెర్మినల్‌లోనే తీసుకుంటారు, గదికి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. మందులు, ఈత బట్టలు, ఒక జత మార్చుకునే బట్టలు, గుర్తింపు కార్డులు చేతి సంచిలో పెట్టుకోండి. కెటిల్, ఇస్త్రీపెట్టె స్కానింగ్‌లో పట్టుకుంటారు, నిప్పు భయం. ఇంట్లో చేసిన సకినాలు, అప్పాలు కూడా చాలా ఓడల్లో రానివ్వరు, సీల్ తీయని ప్యాకెట్లయితే ఒప్పుకుంటారు.

పేర్ల దగ్గర మనవాళ్లకు తరచూ తిప్పలు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బుకింగ్‌లో వెనక, ఒక చోట పొట్టి అక్షరం, ఇంకో చోట పూర్తి పేరు. ఏజెంట్ మా పాప పేరులో ఇంటిపేరే వదిలేశాడు, వెబ్ చెక్-ఇన్ అందుకే కాలేదట. “అది నేను చూసుకుంట మేడం” అని దాటేసింది దీనికే. వెబ్ చెక్-ఇన్ మీరే చేసుకోండి. ఓటీపీ మీ ఫోన్‌కు రావాలి, అతని ఫోన్‌కు కాదు. అది మీ చేతిలో ఉంటే గది రకం, నంబర్ అప్పుడే కనపడతాయి, మోసం ఉంటే ఇంట్లో కూర్చుని ఉండగానే బయటపడుతుంది.

టీనేజ్ పిల్లలుంటే రెండు విషయాలు. కిడ్స్ క్లబ్ చాలా ఓడల్లో పన్నెండేళ్ల లోపు వాళ్లకే. “పిల్లలందరికీ ఫ్రీ యాక్టివిటీస్” అన్న పోస్టర్ చూసి పదిహేనేళ్ల పిల్ల కూడా అందులోకి వస్తుందనుకోకండి. వాళ్లకు ఏముందో బుక్ చేసేటప్పుడే అడగండి. ఇంకోటి, ఓడలో అన్నీ కార్డు గీకితే మన ఖాతాలో పడతాయి: ఆటల గది, జ్యూసులు, వైఫై. పిల్లల కార్డుకు ఖర్చు ఆపేయమని గెస్ట్ సర్వీసెస్‌లో చెబితే ఆపేస్తారు. ఫోన్లు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించండి. తీరం దాటాక ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్ దానంతట అదే పట్టుకుంటుంది, మామూలు రోమింగ్ ప్యాక్ దానికి పనికిరాదు.

గోవాలో ఓడ ఆగేది వాస్కో పక్కన మార్ముగోవా రేవులో. కలంగూట్, బాగా బీచ్‌లు అక్కడికి నలభై కిలోమీటర్ల దాకా. ఏజెంట్ పోస్టర్‌లో బాగా బీచ్ బొమ్మ ఉంటుంది గానీ దిగేసరికి, రేవు గేటు దాటేసరికి, ట్రాఫిక్‌లో పోయి వచ్చేసరికి పిల్లలు ఇసుకలో ఆడేది ఏమీ మిగలదు. దగ్గరున్న బోగ్మాలో బీచ్ చాలు. చివరి ఎక్కే టైమ్‌కు గంటన్నర ముందే గేటు దగ్గర ఉండండి, ఓడ ఎవరి కోసమూ ఆగదు. సికింద్రాబాద్ నుంచి పోయే రైలు కూడా ఓడ బయల్దేరే రోజు పొద్దుగాల ముంబై చేరేది ఎంచుకోకండి, ఒక రోజు ముందే చేరండి.

పైసలు కట్టకముందు చేయాల్సింది ఒక్కటే పని: బుకింగ్ నంబర్ తీసుకుని, ఓడ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కు మీరే ఫోన్ చేసి నలుగురి పేర్లు, గది రకం, గది నంబర్ చదివించుకోవాలి. ఏజెంట్ ఇచ్చిన నంబర్‌కు కాదు. నగదు వద్దు, వాళ్ల సంస్థ ఖాతాకు బ్యాంకు ద్వారా పంపండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, ముంబై తిరగక్కర్లేదు. కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అతని వాట్సాప్ మెసేజ్‌లు, పోస్టర్, ఫోన్‌పే రసీదు డిలీట్ చేయకండి. కౌంటర్‌లో స్క్రీన్ మీద ఉన్న వివరాలు ప్రింట్ అడిగితే ఇచ్చారు, మేం దాన్నీ కిటికీ బొమ్మ ఉన్న కాగితాన్నీ పక్కపక్కన పెట్టి జిరాక్స్ తీయించాం. మీరూ ఇదే ఏజెంట్‌కు ఈ దసరాకు కట్టి ఉంటే కింద రాయండి, ఫిర్యాదు కలిసి పెడదాం.