ధనుర్మాసం నెలంతా పొద్దున సన్నాయి, రాత్రి పాత సినిమా: ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తున్నా, ఈ నెల మొత్తంలో నాకు దక్కిన అసలు లాభం మైకు లేని సన్నాయి వినడం. రాత్రిళ్ళు చూసిన పాత సినిమాలతో సహా మిగతావన్నీ దాని తర్వాతే. ధనుర్మాసం అంటే ఏమిటో, తిరుప్పావై అంటే ఏమిటో, ఏ పాత సినిమా గొప్పదో మీకు నేను చెప్పక్కర్లేదు. డిసెంబర్ 16 ప్రాంతంలో మొదలై భోగితో ముగిసే ఈ రోజుల్లో తెల్లవారుజామునే లేచి తెనాలిలో మా ఇంటి దగ్గరున్న విష్ణాలయానికి వెళ్ళి మేళం వినడం, రాత్రి భోజనాలయ్యాక టీవీలో ఒక పాత సినిమా పెట్టుకోవడం, ఇదీ నేనూ, మా ఆవిడా, మా అత్తగారూ కలిసి పెట్టుకున్న పద్ధతి.

సన్నాయి అంటే చెవులు చిల్లులు పడతాయి అనేవాళ్ళు మా చుట్టాల్లోనే బోలెడుమంది. వాళ్ళని ఏమీ అనలేం, వాళ్ళు విన్నదల్లా కల్యాణమండపంలో, నాలుగు గోడల మధ్య, మైకులో. అది ఆరుబయట వాయించడానికి, స్వామి ఊరేగుతుంటే ముందు నడుస్తూ వాయించడానికి పుట్టిన వాద్యం. గుళ్ళో వాయిస్తే వీధి చివర ఇంట్లో నిద్రపోతున్నవాడికి తెలియాలి, ఆ శక్తి ఆ కర్రలోనే ఉంది. మేళం పక్కనే కూర్చుంటే డోలు దెబ్బ తప్ప ఇంకేమీ వినపడదు కాబట్టి ధ్వజస్తంభం దాటి, వంటశాల గోడ పక్కన అరుగు మీద కూర్చోండి. అక్కడికి వచ్చేసరికి డోలు కాస్త తగ్గుతుంది, సన్నాయి రాతిగోడలకి తగిలి గుండ్రంగా వస్తుంది. నాకు ఈ చోటు దొరికాకే గమకం, అంటే స్వరాన్ని ఊపే తీరు, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో తెలియడం మొదలైంది.

ఇంకో సంగతి కూడా స్వయంగా వెళ్ళి వింటేనే తెలిసింది. చలికి సన్నాయి శ్రుతి దిగుతుంది. పక్కన శ్రుతిపెట్టె ఎలక్ట్రానిక్‌ది, దానికి చలీ లేదు వేడీ లేదు, అది తన చోట తాను మోగుతూనే ఉంటుంది. మా గుళ్ళో సన్నాయి వాయించే పెద్దాయన, సన్నాయికి నోటి దగ్గర తగిలించే పీకని పెదాలతో తడుపుకుంటూ, సర్దుకుంటూ, ఊపిరి వేడి కర్రకి పట్టేదాకా చిన్న చిన్న పలుకులు పలికిస్తూ ఉంటాడు. రెండూ కలిసిన క్షణం మనకి స్పష్టంగా తెలుస్తుంది, ఒళ్ళు జలదరిస్తుంది. అక్కణ్ణించి భూపాలం రాగం. ఉన్నవి అయిదు స్వరాలే అయినా వాటితోనే అరగంట నడిపిస్తాడు. తర్వాత బౌళి, బాగా వెలుగొచ్చాక మలయమారుతం. రికార్డుల్లో ఈ రాగాలు విన్నాను కానీ ఆ వేళకి, ఆ చలిలో విన్నప్పుడు ఇవి పొద్దున రాగాలని ఎందుకన్నారో ఎవరూ వివరించక్కర్లేకపోయింది.

అసలు ఇంత అనుభవం ఉన్న మనిషి మా చిన్న గుడికి నెలంతా ఎలా దొరికాడు అంటే, ఈ నెలలో పెళ్ళి ముహూర్తాలు ఉండవు. మేళగాళ్ళకి ఏడాది సంపాదన పెళ్ళిళ్ళ మీదే, అవీ ఇప్పుడు సగం బ్యాండుకీ డీజేకీ పోయాయి. ముహూర్తాలు లేని ఈ నెల వాళ్ళకి కటకట, మనకి మాత్రం మంచి సంగీతం. ఇది తలుచుకుంటే నాకు ఇబ్బందిగానే ఉంటుంది. మా వైపు గుళ్ళలో సన్నాయి వాయించేవాళ్ళలో ముస్లిం కుటుంబాలవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. చిలకలూరిపేట ఆదం సాహెబు గారు, ఆయన దగ్గర నేర్చుకున్న కరవది షేక్ చినమౌలానా గారు ఈ పరంపరవాళ్ళే. చినమౌలానా గారు శ్రీరంగం వెళ్ళి స్థిరపడి తమిళులకే సన్నాయి నేర్పారు, 1977లో పద్మశ్రీ అందుకున్నారు. మా గుడి పెద్దాయన కూడా చిలకలూరిపేట వైపు నుంచే వచ్చాడు. హుండీలో వేసేది వేయండి, కానీ మేళగాళ్ళ చేతిలో కూడా ఎంతో కొంత పెట్టండి. గుడి ఇచ్చేది వాళ్ళ రాకపోకలకే సరిపోతుంది.

ఇక ముక్కోటి ఏకాదశి సంగతి. ఉత్తర ద్వార దర్శనానికి తెల్లవారుజామున మూడింటికే క్యూ కట్టేశారు. జనం ఎక్కువ కదా అని గుడివాళ్ళు మైకు సెట్టు అద్దెకి తెచ్చి నాలుగు దిక్కులా గొట్టం మైకులు కట్టించారు. తిరుప్పావై పాశురాలకి ఒక మైకు, సరే. రెండోది తీసుకొచ్చి సన్నాయి చివరుండే గిన్నెకి ఎదురుగా, జానెడు దూరంలో పెట్టారు. పెద్దాయన మొదటి షడ్జమం పట్టగానే కుయ్యిమని కూత వచ్చింది, క్యూలో పిల్లలు చెవులు మూసుకున్నారు. గొట్టం మైకుల్లో కింది స్థాయి పలకదు, పైస్థాయికి వెళ్తే పగిలిపోతుంది, మిగిలింది నడిమి నాలుగు స్వరాలు. అవి కూడా రేకు మీద గోరు గీసినట్టు. డోలుకి మైకు లేదు కాబట్టి అది ఎక్కడో గొణుగుతోంది. పైగా గోపురం మీద గొట్టం నుంచి వచ్చే శబ్దం ఒక క్షణం వెనకబడి వస్తుంటే తాళం ఎటు పోతోందో డోలు వాయించే కుర్రాడికే అర్థం కాలేదు. పెద్దాయన మెల్లగా గోడవైపు తిరిగాడు. మైకు కుర్రాడు స్టాండు పట్టుకెళ్ళి గోడవైపే పెట్టాడు. ఆయన మళ్ళీ ఇటు తిరిగాడు, స్టాండు మళ్ళీ ఇటు వచ్చింది. ఆయన ముఖం చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది. ఆ పొద్దున ఆయన రాగాలాపన చేయనే లేదు, చిన్న చిన్న కీర్తనలు గబగబా వాయించి ఆపేశాడు. ఇంటికి వెళ్ళిపోదామని మా ఆవిడతో అనేశాను కూడా.

అత్తగారు ప్రసాదం లైన్లో ఉండటంతో ఆగాం. తొమ్మిది దాటాక రద్దీ తగ్గింది. ప్రసాదం దగ్గర తోపులాటగా ఉంది, లైన్లో రమ్మని చెప్పాలి, తప్పిపోయిన పిల్లల పేర్లు చదవాలి అని సన్నాయి ముందున్న మైకు ఊడదీసి అక్కడికి పట్టుకెళ్ళారు. పెద్దాయన కాసిన్ని మంచినీళ్ళు తాగి, తాడుకి వేలాడుతున్న పీకల్లోంచి ఒకటి ఎంచుకుని మార్చి, తోడి రాగం ఎత్తుకున్నాడు. తోడి అంటే సన్నాయివాళ్ళకి ప్రాణం, తమిళనాడు సన్నాయి విద్వాంసుడు రాజరత్నం పిళ్ళై పేరు చెప్పగానే జనం తోడినే తలుచుకునేది అందుకే. ఎంతసేపు వాయించాడో నేను చూసుకోలేదు. పొద్దున్నించీ బిగబట్టిన ఊపిరంతా అందులో పెట్టాడు అనిపించింది. ఒక్కొక్క స్వరం దగ్గర నిలిచి, దాన్ని ఊపి, వదల్లేక వదిలి పైకి వెళ్తుంటే పొంగలి దొన్నెలు పట్టుకుని బయటికి పోతున్నవాళ్ళు కొందరు అలాగే నిలబడిపోయారు. డోలు కుర్రాడు వాయించడం మానేసి తలూపుతూ కూర్చున్నాడు. ఈ నెలంతటికీ నాకు గుర్తుండిపోయే సంగీతం అదే. తర్వాత గుడి పెద్దతో, అయ్యా దయచేసి సన్నాయికి మైకు వద్దు అని చెప్పాను. బయట వినపడకపోతే జనం అడుగుతారండీ అన్నాడు. మర్నాటి నుంచి మైకు లేదు, అద్దె రోజుకింత కాబట్టి.

సినిమాల దగ్గరికొస్తే, మొదటి వారంలో నేను కనపడ్డవాళ్ళందరికీ రోజుకొక పాత సినిమా చూడమని చెప్పాను, ఇప్పుడైతే వారానికి రెండు అంటాను. మాయాబజార్ మూడు గంటలు, నాలుగున్నరకి లేవాల్సినవాళ్ళకి అది ఒక్క రాత్రిలో అయ్యేది కాదు. మేం రెండు రాత్రులు చూశాం, ఘటోత్కచుడు వచ్చే వేళకి అత్తగారు నిద్రలో ఉన్నారు. ఇంకో బాధ ఉచితంగా దొరికే కాపీలతో. ఇంచుమించు నలుచదరంగా తీసిన బొమ్మని ఇప్పటి టీవీకి సరిపెట్టాలని పైనా కిందా కోసేస్తున్నారు. మాయాబజార్‌కి కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లీ లాంటివాడు అంగుళం అంగుళం చూసుకుని పెట్టిన ఫ్రేములో నుదుళ్ళు, కిరీటాలు ఎగిరిపోతే చూసి ఏం లాభం? మేం చూసిన ఒక పౌరాణికంలో పద్యాలు సగానికి సగం లేవు. పద్యం ఎత్తుకునే ముందు రాగం తీస్తాడే, అది మొదలవుతుంది, వెంటనే తర్వాతి సీను. మా అత్తగారు ఆ పద్యం నోటికి చెప్పేశారు కాబట్టి సరిపోయింది.

అయినా రెండూ కలిపి పెట్టుకోవడం వల్ల ఒక మేలు జరిగింది. మురిపించే మువ్వలు చూశాం, 1962లో వచ్చిన తమిళ సినిమా కొంజుమ్ సలంగైకి తెలుగు. అందులో నీ లీల పాడెద దేవా పాటకి సన్నాయి కారుకురిచ్చి అరుణాచలం గారిది, గొంతు జానకి గారిది. జానకి గారు పుట్టింది రేపల్లె దగ్గర పల్లపట్ల, మా అత్తగారిదీ ఆ వైపే, అందుకని ఆ పాట మా ఇంట్లో సొంత ఆస్తి లెక్క. తెర మీద పాడే సావిత్రి గారిదీ మా జిల్లాయే, చిర్రావూరు. మర్నాడు పెద్దాయనతో ఈ మాట అంటే ఆయన నవ్వి, “బాబూ, ఆ పాటలో మా సన్నాయి వినొద్దు, ఆవిడ ఊపిరి ఎక్కడ తీసిందో వినండి. మేం ఎక్కడ తీస్తామో అక్కడే తీసింది” అన్నాడు. ఆ రాత్రి మళ్ళీ పెట్టుకుని విన్నాం. చిన్నప్పటి నుంచీ ఆ పాట గొంతుకీ సన్నాయికీ పోటీ అనుకుంటూ విన్నవాణ్ణి, ఇప్పుడు ఇద్దరూ ఒకే ఊపిరి మీద నడుస్తున్నట్టు వినపడింది. పొద్దున్నే ఎదురుగా కూర్చుని పీక తడపడం, ఊపిరి పట్టడం చూడకపోతే ఈ మాట నాకు ఎక్కేది కాదు.

మీకూ ఇలాగే ఉంటుందని హామీ ఇవ్వను. మాకు గుడి నడిచే దూరం, నా డ్యూటీ పదకొండింటికి, ఇంట్లో బడికి పంపాల్సిన చిన్నపిల్లలు లేరు. చాలా గుళ్ళలో ఇప్పుడు మేళం తీసేసి కరెంటుతో నడిచే డోలు, గంటల మిషన్ పెట్టేశారు, అలాంటి చోట ఈ నెలంతా లేచినా చలి తప్ప ఏమీ దక్కదు, కాబట్టి ముందు కనుక్కుని వెళ్ళండి. ఫోన్‌లో రికార్డు చేసి హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడికి పంపాను, వాడికి ఏమీ అనిపించలేదట. నేను విన్నాను, నాకూ అనిపించలేదు, ఆ అరుగూ ఆ రాతిగోడా ఫోన్‌లోకి రావు. వచ్చే ఏడాది ఆ పెద్దాయనే వాయిస్తే సన్నాయికి నెలంతా వెళ్తాం, సినిమాలు శని, ఆదివారాల్లోనే. ముక్కోటి నాడు మాత్రం దర్శనం వేరు, సంగీతం వేరు. మేళం కోసమైతే తొమ్మిది దాటాకే వెళ్తాం.